ఫోన్ బిల్లు మనం కడుతున్నాం, పేరెవరిది?

(వార్షిక మహాసభలో ఇంటి ఖర్చుల కమిటీ తరఫున చేసిన ప్రసంగ పాఠం)



ప్రతి ఏడాదీ ఈ సభలో పొదుపు ఎంత, అప్పు ఎంత, వసూలు ఎంత అని చెప్పుకుంటాం. ఈసారి మా కమిటీ ఒక చిన్న ఖర్చు గురించి మాట్లాడుతుంది. అది ఫోన్ ఖర్చు. చిన్నది అంటున్నాం గానీ, ఇంట్లో నాలుగు సిమ్‌లుంటే అది చిన్నది కాదు.

మనం మోండా మార్కెట్‌కు పోతే కిలో టమాటా దగ్గర రెండు రూపాయలకు బేరం చేస్తాం. ఒప్పుకోకపోతే పక్క బండికి పోతాం. ఫోన్ దగ్గరికొచ్చేసరికి నోరు మూతపడుతుంది. సంఘం మీటింగుల్లో ఈ మాట ఎత్తితే ఎక్కువమంది అక్కలు చెప్పింది ఒక్కటే: "ఏం జేద్దమక్కా, వాళ్లెంత జెప్తె అంత కట్టుడే గదా." అంతే కాదని మాకు ఈ ఏడాది తెలిసింది. ఎట్లా తెలిసిందో చెప్తాం.

2024 జూలై మొదట్లో మూడు పెద్ద ప్రైవేటు కంపెనీలూ ఒకేసారి రేట్లు పెంచాయి. 28 రోజులకు 239 రూపాయలున్న ఒక ప్యాక్ 299 అయింది. ఆ నెలలో వాయిదా కట్టడానికి వచ్చిన అక్కలు రీచార్జ్ సంగతే మాట్లాడారు. అప్పుడే మా కమిటీ ఒక పని పెట్టుకుంది. ప్రతి సంఘంలో సభ్యులు ఇంట్లో ఎన్ని సిమ్‌లున్నాయి, ఎవరు వాడుతున్నారు, ఎవరి పేరు మీద ఉన్నాయి, ఎంత కడుతున్నారు అనే నాలుగు విషయాలు ఒక కాగితం మీద రాయాలి. మొదటి రెండూ అందరూ రాశారు. నాలుగోది కాస్త ఆలోచించి రాశారు. మూడోదాని దగ్గర పెన్ను ఆగిపోయింది. "మా ఆయన పేరు మీద ఉందేమో." "మా మరిది తెచ్చిచ్చిండు, ఎవరి పేరో తెల్వదు." డబ్బు కట్టేది మనం, ఓటీపీ వచ్చేది మన ఫోన్‌కు, బ్యాంకు ఖాతాకు ముడిపడ్డది ఆ నంబరే. పేరు మాత్రం ఎవరిదో.

ఇది ఎందుకు ముఖ్యమో ఒక అక్క సంగతి చెప్తే అర్థమవుతుంది. ఆమె అనుమతితోనే చెప్తున్నాం, పేరు చెప్పం. ఆమె బట్టలు కుడుతుంది. ఇంట్లో నాలుగు సిమ్‌లు, నాలుగూ కలిపి ఒకటే నెల బిల్లు. రీచార్జ్ కాదు, నెలాఖరుకు బిల్లు వచ్చే ఫ్యామిలీ ప్లాన్. భర్త ఉన్నప్పుడు ఆయనే పెట్టించాడు. ఆయన పోయి మూడేళ్లయింది. ఆమె మూడేళ్లుగా తప్పకుండా కడుతూనే ఉంది. భర్త ఫోన్ బీరువాలో ఉంటుంది. రోజూ చార్జింగ్ పెడుతుంది, ఎందుకంటే గ్యాస్ బుకింగూ బ్యాంకు మెసేజూ దానికే వస్తాయి.

ఆ బిల్లు మా ముందు పెట్టింది. ప్లాన్ అద్దె 999, అందులో మూడు నంబర్లు. నాలుగో నంబరుకు వేరేగా 299. ఇంకేదో సర్వీసు పేరుతో 49. మొత్తం 1,347. దాని మీద 18 శాతం జీఎస్టీ కలిపితే 1,589 రూపాయలు. ఆ 49 దేనికని అడిగితే ఆమెకు తెలియదు. ఎప్పుడో ఎవరో ఏదో బటన్ నొక్కి ఉంటారు.

తగ్గించమని అడుగుదామని కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసింది. అవతల అమ్మాయి మర్యాదగానే మాట్లాడింది. "ఖాతాదారు సార్‌ను లైన్లోకి ఇవ్వండి మేడమ్, వారితోనే మాట్లాడాలి" అన్నది. అక్క కాసేపు ఊరుకుని "ఆయన లేరమ్మా" అన్నది. "ఎప్పుడొస్తారు మేడమ్?" అని అడిగింది ఆ అమ్మాయి. ఆమె తప్పేం లేదు, ఆమె ముందున్న కంప్యూటర్లో ఆ పేరే ఉంది. మూడేళ్లు డబ్బు కట్టిన మనిషికి ఒక్క ప్రశ్న అడిగే హక్కు లేకపోయింది. ఆ రోజు ఆమె ఫోన్ పెట్టేసి వచ్చి మా దగ్గర కూర్చుంది.

అందుకని బేరం కంటే ముందు పేరు. భర్త మరణ ధ్రువపత్రం, ఆమె ఆధార్, ఇద్దరి సంబంధం చూపే కాగితం తీసుకుని కంపెనీ దుకాణానికి పోయాం. మేం ఇద్దరం తోడు పోయాం. మొదటిసారి ఒక కాగితం తక్కువైందని తిప్పి పంపారు. రెండోసారి పని అయింది. నాలుగు నంబర్లూ ఆమె పేరు మీదికి వచ్చాయి. ఇక ఆమె ఖాతాదారు, ఆమెతో మాట్లాడాల్సిందే.

తర్వాత ఇంట్లో కూర్చుని లెక్క చూశారు. బ్యాంకు, గ్యాస్ రెండూ ఆమె తన సొంత నంబరుకు మార్పించుకుంది. అత్తమ్మకు ఇంటర్నెట్ అక్కర్లేదు, ఆమెది బటన్ల ఫోన్. ఆమె పాత నంబరుకు ఫోన్ చేసేవాళ్లు ఇద్దరు ముగ్గురే. అది వదిలేద్దామనుకున్నారు. మరి భర్త నంబరు ఏం చెయ్యాలి? అదీ వదిలేద్దామంటే అత్తమ్మ ఒప్పుకోలేదు. "నా కొడుకు నంబరు నాకియ్యుండ్రి" అన్నది. అట్లా ఆ సిమ్ బీరువాలో నుంచి అత్తమ్మ ఫోన్‌లోకి వచ్చింది.

ఇప్పుడు నెల బిల్లు ప్లాన్ ఇద్దరికే కావాలి, అక్కకూ కొడుక్కూ. అదే కంపెనీలో ఇద్దరికి 699 ప్లాన్ ఉందని దుకాణం గోడ మీదే రాసి ఉంది. అడిగితే "అది కొత్త కస్టమర్లకే" అన్నారు. అక్క బయటికి వచ్చి, తన ఫోన్‌లో పోర్ట్ అని ఇంగ్లిష్‌లో రాసి, ఖాళీ వదిలి, తన పది అంకెల నంబరు రాసి 1900కు మెసేజ్ పెట్టింది. కోడ్ వచ్చింది. మర్నాడు కంపెనీ నుంచే ఫోన్ వచ్చింది. ఈసారి "సార్ ఉన్నారా" అని అడగలేదు. "మేడమ్, మీరు వెళ్లిపోవద్దు, 999లో వంద తగ్గిస్తాం" అన్నారు. అక్క అడిగింది: "ఎన్ని నెలలు?" మూడు నెలలన్నారు. "నాలుగో నెల నుంచి?" అవతల జవాబు లేదు. "నాకు 699ది కావాలె. ఇస్తమని మెసేజ్ పంపుండ్రి, లేకుంటె రేపు పక్క కంపెనీకి పోతున్న" అన్నది. సాయంత్రానికి మెసేజ్ వచ్చింది.

ఇప్పుడు ఆమె బిల్లు 699కి జీఎస్టీ కలిపి 825 రూపాయలు. అత్తమ్మ నంబరును రీచార్జ్ పద్ధతికి మార్చి, మాట్లాడుకోవడానికి మాత్రమే ఉన్న ప్యాక్ వేశారు. అది నెలకు దాదాపు 170 పడుతుంది. మొత్తం 1,589 నుంచి 995కు వచ్చింది. నెలకు సుమారు 600, ఏడాదికి 7,000 పైనే మిగులు. ఆ డబ్బుతో ఏం చేస్తావని మేం అడగలేదు. అది ఆమె ఇష్టం.

అక్కలారా, ఈ సంగతి అందరి ఇళ్లలో ఇట్లాగే జరుగుతుందని మేం చెప్పం. నెల బిల్లు వచ్చే వాళ్లకు అడిగే జాగా ఎక్కువ. రీచార్జ్ చేసుకునే వాళ్లకు ధర అందరికీ ఒకటే, దుకాణం తమ్ముడు తగ్గించలేడు. వాళ్లు చేయగల బేరం ఏమిటంటే సరైన ప్యాక్ ఎంచుకోవడం, నచ్చకపోతే కంపెనీ మారడం. దానికి మన చేతిలో ఏమున్నాయో చెప్తాం.

మొదటిది, 28 రోజుల లెక్క. నెలకోసారి వేస్తున్నాం అనుకుంటాం. 28 రోజులైతే ఏడాదికి 12 కాదు, 13 సార్లు. 299 ప్యాక్ అయితే 13 సార్లకు 3,887 రూపాయలు. ఒక రీచార్జ్ ఎక్కువ కడుతున్నాం. 30 రోజుల ప్యాక్ ఒకటి, ప్రతి నెలా అదే తారీఖున వేసుకునే ప్యాక్ ఒకటి అయినా ఉండాలని 2022 జనవరిలో ట్రాయ్, అంటే ఫోన్ కంపెనీల మీద ప్రభుత్వం పెట్టిన నియంత్రణ సంస్థ, అన్ని కంపెనీలకూ చెప్పింది. దుకాణంలో అడిగితేనే చూపిస్తారు. ధరను రోజులతో భాగించి, రోజుకు ఎంత పడుతుందో చూసి పోల్చండి.

రెండోది, మాటలకు మాత్రమే ఉండే ప్యాక్. 2024 డిసెంబరులో ట్రాయ్ ఇచ్చిన ఆదేశంతో, ఇంటర్నెట్ లేకుండా కాల్స్, మెసేజ్‌లకే పనికొచ్చే ప్యాకులు కంపెనీలు పెట్టాల్సి వచ్చింది. 2025 జనవరిలో వచ్చినప్పుడు 84 రోజులకు 450 నుంచి 500 రూపాయల దాకా ఉన్నాయి. ఇంట్లో ముసలివాళ్ల బటన్ ఫోన్‌కు ఇంటర్నెట్ ప్యాక్ వేస్తున్నామా అని ఇవాళే చూసుకోండి.

మూడోది, నంబరు మారకుండా కంపెనీ మారే హక్కు. ఇది దేశమంతా 2011 జనవరి 20 నుంచి ఉంది. ఇప్పుడున్న కంపెనీలో 90 రోజులు పూర్తయి ఉండాలి. నెల బిల్లు వాళ్లకు పాత బాకీ ఉండకూడదు. పేరు మార్పు నడుస్తుంటే పోర్ట్ కాదు, అది పూర్తయ్యాకే. 1900కు మెసేజ్ పెడితే వచ్చే కోడ్ మన దగ్గర నాలుగు రోజులు పనిచేస్తుంది. కోడ్ వచ్చినంత మాత్రాన నంబరు మారిపోదు. ఆధార్‌తో కొత్త కంపెనీ దుకాణంలో ఇస్తేనే మారుతుంది, మూడు పనిదినాలు పడుతుంది. ఆ కోడ్‌ను ఫోన్‌లో ఎవరడిగినా చెప్పకండి. పోయేముందు మన బస్తీలో, పనిచేసే చోట ఆ కంపెనీ సిగ్నల్ వస్తుందో లేదో పక్కింటివాళ్ల ఫోన్‌లో చూడండి. చవక అని పోయి సిగ్నల్ లేక తిరిగొచ్చిన అక్కలు మన సంఘాల్లోనే ఉన్నారు.

నాలుగోది, ఫిర్యాదు. మీరు అడగని సర్వీసుకు డబ్బు కోస్తే 198కి ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు తీసుకోండి, రాసి పెట్టుకోండి. జవాబు నచ్చకపోతే ఆ కంపెనీలోనే అప్పీలు అధికారికి 30 రోజుల్లో అప్పీలు చేయొచ్చు. దానికి ఫీజు లేదు.

ఐదోది, సంచార్ సాథీ. ప్రభుత్వం 2023లో పెట్టిన ఈ పోర్టల్‌లో మన నంబరు, ఓటీపీ ఇస్తే మన పేరు మీద ఎన్ని సిమ్‌లున్నాయో కనిపిస్తాయి. మనకు తెలియని నంబరుంటే అక్కడే చెప్పొచ్చు. ఓటీపీ వెబ్‌సైట్‌లో వేయడానికే గానీ, మనిషికి చెప్పడానికి కాదు.

ఇంకొక మాట. రేటు పెరిగిందని కోపంతో సిమ్ పక్కన పడేయకండి. 90 రోజులు దాటి ఏ వాడకమూ లేకపోతే ఆ నంబరును కంపెనీ తీసేయవచ్చు, తర్వాత ఇంకొకరికి ఇవ్వవచ్చు. మన సంఘం అప్పు మెసేజ్‌లు, బ్యాంకు ఓటీపీలు ఎవరికో పోతాయి. వదిలేయాలంటే ముందు బ్యాంకులో, ఆధార్‌లో, గ్యాస్‌లో నంబరు మార్పించండి. తర్వాత వదలండి.

మా చేత కానిది కూడా చెప్పాలి. సమాఖ్య పేరు మీద అందరికీ కలిపి గుంపు కనెక్షన్లు ఇప్పిద్దామని ఒక కంపెనీని అడిగాం. కుదరలేదు. అప్పుడు బాధపడ్డాం గానీ, తర్వాత ఆలోచిస్తే మంచిదే అయిందనిపించింది. నంబర్లన్నీ సమాఖ్య పేరు మీద ఉంటే, రేపు ఒక అక్క తన ప్లాన్ తగ్గించమని అడగాలన్నా మళ్లీ ఇంకొకరిని లైన్లోకి పిలవాలి. మగవాళ్ల పేరు తీసి సంఘం పేరు పెట్టడం కాదు మనకు కావాల్సింది.

మన దేశంలో మొదటి మొబైల్ కాల్ 1995 జూలై 31న మాట్లాడారు. ఆ రోజుల్లో మనకు వచ్చిన కాల్‌కు కూడా మనమే డబ్బు కట్టాలి. 2003లో అది పోయింది. ఇవాళ ఫోన్ లేకుండా సంఘం పుస్తకం కూడా నడవదు. బియ్యం, కిరాయి, కరెంటు బిల్లులాగే ఇది కూడా ఇంటి లెక్కలోదే. ఇంటి లెక్క మనమే చూస్తున్నప్పుడు ఈ లెక్క కూడా మన చేతికే రావాలి.

అందుకని మా కమిటీ మూడు పనులు ప్రతిపాదిస్తోంది. వచ్చే నెల మీటింగుకు ప్రతి సభ్యురాలూ ఆ నాలుగు విషయాల కాగితం పూర్తి చేసి తేవాలి. తను వాడే నంబరు ఇంకొకరి పేరు మీద ఉంటే ఆరు నెలల్లో తన పేరు మీదికి మార్చుకోవాలి. కంపెనీ దుకాణానికి ఎవరూ ఒంటరిగా పోకుండా ప్రతి సంఘం నుంచి ఒకరు తోడు పోవాలి. బ్యాంకుకు మొదటిసారి పోయినప్పుడు కూడా మనం అట్లాగే, ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని పోయాం, గుర్తుందా?

ఆ అక్క ఇవాళ ఈ సభలోనే ఉంది. ఏ వరుసలో ఉందో చెప్పం. ఆమెకు ఇప్పుడు కస్టమర్ కేర్ నుంచి ఫోన్ వస్తే, ముందు ఆమె పేరే పిలుస్తున్నారు.