పాత లాంచికి క్రొత్త ఇత్తడి పలక



నేడు నేను చెప్పబోవునది మూరెడు పొడవును జానెడు వెడల్పును గల యొక ఇత్తడి పలకను గూర్చిన మాట. ఇంత చిన్న వస్తువును గూర్చి ఇంతసేపు చెప్పుటకేమున్నదని మీకు తోచవచ్చును. ఆ పలకను నేనొకమారు ముగించి, మెచ్చుకోలు పొంది, కూలి పుచ్చుకొని, పిమ్మట నా చేతులతో నేనే దాని సొగసును చెఱిపివేయవలసి వచ్చినది. అది ఏల వచ్చెనో మనవిచేసెదను.

నాయుడుపేటలో నా కొక మరమ్మతు కొట్టు కలదు. ట్రాక్టరులు, నీటి మోటారులు, కోతయంత్రములు నా జీవనాధారము. మా ఊరు స్వర్ణముఖి యొడ్డున నున్నదే గాని ఆ నదిలో మోటారు పడవలు నడుచుట లేదు. పడవల ముచ్చట వినవలెనన్నచో తూర్పుగా, దక్షిణముగా, సూళ్లూరుపేట మీదుగా పులికాటు సరస్సునకు పోవలెను. ప్రళయకావేరి యని పెద్దలు చెప్పుకొను సరస్సు అదియే. దాని నంటియే బకింగ్‌హాం కాలువ పోవుచున్నది. 1806వ సంవత్సరమున బాసిల్ కొక్రేన్ అను స్కాట్లండు వర్తకుడు మద్రాసునుండి ఎన్నూరు వైపు త్రవ్వించిన చిన్న కాలువయే దీనికి మొదలు. 1876–78 నాటి కరవులో, మన తాతలు ధాత కరవని చెప్పుకొన్న దానిలో, అన్నము లేని జనమునకు పని కల్పించుటకై దానిని పొడిగించి, నాటి గవర్నరు పేరు పెట్టిరి. ఉప్పును కట్టెలును ఆ దారినే పట్టణము చేరెడివి. గట్టున నడచుచు మోకులతో పడవలను లాగుకొని పోయిన మనుష్యులను చూచినవారు మీలో ఇంకను కొందఱుందురు. రైళ్లును లారీలును వచ్చిన పిమ్మట కాలువ పని సన్నగిల్లినది. 1965, 1966 సంవత్సరముల తుపానులు దానిని మఱింత చెఱచినవి.

ఆ కాలమున మిగిలిపోయిన యొక చిన్న మోటారు లాంచి సరస్సు దగ్గఱ నొక ఆసామి ఇంట పడియుండెను. టేకు పడవ. ఆయన తాతగారు నడిపినది. ఏండ్ల తరబడి పసులకొట్టము ప్రక్కన తాటాకు పందిరిక్రింద బోరగిలి యున్నదానిని, మనుమడు పంతము పట్టి బాగుచేయించుచుండెను. వడ్రంగులు చివికిన పలకలు మార్చి, సందులు ప్రత్తితో క్రుక్కి, గుగ్గిలము పూసిరి. ఇంజను నడిచినది. మిగిలినది ఇంజను మీటరులను బిగించు పలక. అది ఏ అంగడిలోను దొరకు వస్తువు గాదు. ఆ పడవకు ఆ పలకయే సరిపోవును. అందుచే నా యొద్దకు వచ్చెను.

దీనిని డాష్ బోర్డు అందురు. కార్లలో, ట్రాక్టరులలో మీరందఱు చూచినదే. ఈ పేరు గుఱ్ఱపుబండినుండి వచ్చినది. గుఱ్ఱపు గిట్టలు ఎగజిమ్ము బురద తోలువాని మీద పడకుండ అడ్డముగా పెట్టిన చెక్కకు ఇంగ్లీషువారు పెట్టిన పేరది. మోటారు వచ్చి గుఱ్ఱము పోయినను, బురద లేకపోయినను, పేరు మాత్రము నిలిచిపోయినది. నేడు అది అడ్డుచెక్క గాదు. ఇంజను తన కష్టమును మనతో చెప్పుకొను స్థలము. నూనె ఒత్తిడి యెంత, నీటి వేడి యెంత, బాటరీకి విద్యుత్తు చేరుచున్నదా లేదా, ఈ మూడును తెలిసినవాడు ఒడ్డు చేరును.

పాత పలకను ఊడదీసి చూచితిని. అదియు ఇత్తడియే. దాని నాలుగు మూలలును, మడతవెంబడి, ఎండిన చెఱువు మట్టివలె నెఱ్ఱెలు వాఱియుండెను. ఎవడో పడగొట్టినాడని ఆసామి యనుకొనెను. నాకట్లు తోచలేదు. దెబ్బ తగిలిన లోహము వంగి చిట్లును. ఇది వంగక చిట్లినది. దీనికొక పూర్వకథ కలదు. ఇంగ్లీషువారి సైన్యము మన దేశమున నున్నప్పుడు తుపాకి తూటాల ఇత్తడి గొట్టములను గుఱ్ఱపుసాలలలో దాచెడివారు. వానకాలము గడచునప్పటికి అవి వానియంతట అవియే చీలిపోయెడివి. వానకాలపు జబ్బని పేరు పెట్టిరి గాని కారణము చాలకాలము తెలియలేదు. పసుల మూత్రమునుండి లేచు ఘాటైన ఆవిరి, అమ్మోనియా యనునది, తేమతో కలిసి, బిగువు పట్టియున్న ఇత్తడిని చీల్చునని 1921లో శాస్త్రజ్ఞులు వివరించిరి. సుత్తితో కొట్టి మడిచిన ఇత్తడిలో ఆ బిగువు దాగియుండును. మన లాంచి పసులకొట్టము ప్రక్కన పడియున్నదని చెప్పితిని గదా! పైకి చూచుటకు మెఱయుచున్న బిందె, ఎవరును ముట్టకయే యొకనాడు చీలినచో, దానిని దాచిన తావు ఎట్టిదో విచారింపుడు.

కావున క్రొత్త పలకకు రెండు పనులు విధిగా చేయవలెనని నిశ్చయించుకొంటిని. మడుచుటకు ముందు రేకును కాల్చి మెత్తబఱచుట యొకటి. మడిచిన పిమ్మట బిగువు తీయుట రెండవది.

మొదట కొలతలు. పాత పలకమీద పలుచని కాగితము పఱచి పెన్సిలుతో రుద్దితిని. రంధ్రములు, అంచులు, పాత మేకుల జాడలు అన్నియు కాగితముమీదికి వచ్చినవి. గజముబద్దతో కొలిచినదానికంటె ఇది నమ్మదగినది. ఏలయన పాతవాని చేతిపనిలో ఏ రెండు రంధ్రములును ఒక్కటిగా నుండవు. నేడు దొరకు చిన్న మీటరుల ఒడలు సాధారణముగా 52 మిల్లీమీటర్లుండును, అనగా రెండంగుళములకు పదునాఱవ పాలు ఎక్కువ. ఆ పడవలోని పాత మీటరు లొకటి దానికి తక్కువ, ఒకటి ఎక్కువ. పుస్తకములోని కొలత చూచి కోసియుంటినేని రేకు పాడయ్యెడిది. పిమ్మట అట్టముక్క కోసి పడవలో నిలిపి చూచితిని. చుక్కాని చక్రపు ఆకు ఒకటి నూనె మీటరునకు సరిగా అడ్డము వచ్చుచుండెను. దానిని రెండంగుళములు ప్రక్కకు జరిపితిని. అట్ట కోయుటకు ఖర్చు లేదు. ఇత్తడి కోసిన పిమ్మట అతుకు వేయలేము.

రేకు మందము మిల్లీమీటరున్నర. రాగి రెండు పాళ్లు, తుత్తునాగము ఒక పాలు అనుకొనుడు. అల్యూమినియము తేలిక, చవుక. కాని ఉప్పుగాలిలో ఇత్తడి మరలను తాకినచోట అది తినివేయబడును. ఇనుప రేకైనను అంతే. ఉప్పుతేమ నడుమ రెండు వేర్వేరు లోహములు కలిసినప్పుడు ఒకటి రెండవదానికి ఆహారమగును. పులికాటులో వేసవికి ఉప్పదనము హెచ్చును, వానలకు తగ్గును. గాలిలో మాత్రము ఎల్లప్పుడు నున్నది. అందుచే పలక ఇత్తడి, మరలు ఇత్తడి, వెనుక టేకుచెక్క.

ఇత్తడికి రంధ్రము చేయుట మీకు తెలిసిన ఇనుమువంటిది గాదు. వాడియైన బిట్టు ఇత్తడి రేకును గబుక్కున పట్టి మీదికి లాగుకొనును. చేతిలోని రేకు గిఱ్ఱున తిరిగి వ్రేళ్లు కోయును. బిట్టు మొనయందలి కోతయంచును కొంచెము మొద్దుచేసి, రేకు క్రింద చెక్క పెట్టి, రెంటిని బిగించి దించవలెను. పెద్ద రంధ్రములను సన్నని రంపముతో గీతకు లోపలనే కోసి, మిగిలిన వెండ్రుకవాసి ఆకురాయితో తీసితిని. ఒక్కొక్క మీటరునకు ఒక పూట పట్టినది. వేడి తెలుపు మీటరునకు మాత్రము ఇంకొక చిక్కు కలదు. దాని వెనుకనుండి పోవు సన్నని రాగి గొట్టమును తెంపరాదు, నలుపరాదు. దానిలోని ద్రవమే ముల్లును కదల్చును. దాని కొననున్న బుడ్డితో సహా ముందునుండి రంధ్రములో దూర్పవలెను. పడవలో ఆ గొట్టము పోవలసిన దారి అంతయు ముందే చూచుకొనవలెను.

పిమ్మట మడత. అంచులవెంబడి మంట చూపి, చీకటిలో ఎఱుపు కనబడీ కనబడనప్పుడే తీసివేసితిని. ఇత్తడిని నీట ముంచినను ఉక్కువలె గట్టిపడదు, మెత్తగనే యుండును. కాని ఎఱ్ఱగా నున్నప్పుడు కొట్టరాదు, చిట్లును. చల్లాఱిన పిమ్మట చెక్కసుత్తితో మడిచితిని. బిగువు తీయుటకు 250 డిగ్రీల వేడిలో గంటసేపు ఉంచవలెను. నా కొలిమికి అంత నిదానము లేదు. బజారులో రొట్టెల కొట్టువానిని అడిగితిని. అతడు నవ్వి, రాత్రి రొట్టెలు దింపిన పిమ్మట తన పొయ్యిలో పెట్టుకొమ్మనెను. మా ఊరిలో బన్నులతోపాటు కాలిన ఇత్తడి పలక అదియొక్కటే యనుకొందును.

ఇక నా తప్పు చెప్పవలెను. ఆసామి "అద్దమువలె మెఱయవలెను" అని కోరెను. నాకును అభిమానము హెచ్చినది. మూడు దినములు ఎమరీ కాగితములు, గుడ్డచక్రము, మెఱుగు సున్నము పట్టి రుద్దితిని. పలకలో మొగము చూచుకొని తల దువ్వుకొనవచ్చును. పడవలో బిగించిననాడు టెంకాయ కొట్టిరి. చూడవచ్చినవారందఱు ఇంజనును విడిచి పలకనే చూచిరి. నేను కూలి పుచ్చుకొని బస్సెక్కితిని.

పది దినములకు సరంగు మా కొట్టునకు వచ్చెను. అఱువదేండ్లు దాటినవాడు. చంకలో తువ్వాలు చుట్టిన మూట. విప్పగా నా పలకయే. మీటరులు ఊడదీసి తెచ్చినాడు. కూర్చుండుమన్నను కూర్చుండక ఇట్లనెను: "మేస్త్రీ, మీరు అద్దం చేసిచ్చినారు. నాకు అద్దం వద్దు, ముల్లు కనబడాల."

జరిగినదేమనగా, ఆసామి తన పిల్లలను వెంటబెట్టుకొని సరస్సులో తిరిగి, సాయంకాలము తూర్పుముఖముగా వచ్చుచుండెను. దిగుచున్న సూర్యుడు వెనుకనుండి పైకప్పుక్రిందుగా వచ్చి పలకమీద పడినాడు. సరంగు కన్నులకు మంటతప్ప మఱేమియు కనబడలేదు. ఆ సమయముననే నీరు లాగుకొను గొట్టము నోట నాచు అడ్డుపడినది. ఇంజనుకు నీరు లేక వేడి పెరిగినది. ముల్లు చెప్పుచునే యున్నది. వినువానికి మాత్రము కనబడలేదు. రబ్బరు కాలిన కంపు వచ్చినపుడు అతడు ఇంజను ఆర్పి, గడ పట్టి, చీకటి పడినపిమ్మట పడవను ఒడ్డునకు నెట్టుకొని వచ్చెను. సరస్సు లోతు తక్కువ గనుక గడ అందినది. గాలి లేచియుండినచో ఏమయ్యెడిదో అతడు చెప్పలేదు, నేను అడుగలేదు.

ఆసామికి ఫోనుచేసి మెఱుగు తీసివేయుదునంటిని. "నేను మెఱుగునకు గదా కూలి యిచ్చితిని" అని ఆయన నొచ్చుకొనెను. న్యాయమే. కూలి తిరిగి యిచ్చెదనంటిని. పిల్లల మాట నేనెత్తలేదు. ఆయనయే కొంతసేపు ఊరకుండి, మీ యిష్టమనెను.

సరంగు ఎదుటనే పని మొదలుపెట్టితిని. జల్లించిన ఇటుకపొడి, కొబ్బరినూనె, గోనెముక్క. మన ఇండ్లలో ఆడవారు బిందెలు తోమిన సామగ్రియే. పొడవువెంబడి ఒకే వైపునకు రుద్దుచు పోగా, గంటలో అద్దము పోయి పట్టుబట్ట వంటి మందకాంతి వచ్చినది. వెలుతురును తిప్పికొట్టక చెదరగొట్టు తీరది. పలక వెనుక టేకు చీలిక పెట్టి, పై అంచు కొంచెము సరంగు వైపు వ్రాలునట్లు చేసితిని. అప్పుడు పలకలో ఆకాశము బదులు పడవ అడుగు చెక్కలు కనబడును. వేడి మీటరు గాజు అంచున, ముల్లు దాటరాని చోట, ఎఱ్ఱ రంగు గీత గీసితిని. ఇది మొదటనే చేయవలసినది.

పాత కార్లలోవలె చిన్న చిన్న చుట్టల నగిషీయైనను చేయుమని ఆసామి మరల కోరెను. గుండ్రని చెక్కపుల్ల కొనకు ఎమరీ పొడి అద్ది, డ్రిల్లులో త్రిప్పి, ఒకదానిమీద నొకటి సగము పడునట్లు వరుసగా అద్దు పని యిది. 1927లో అట్లాంటికు సముద్రము దాటిన లిండుబర్గు విమానపు ముక్కుమీద కూడ ఈ నగిషీయే యుండెను. చేయదగిన పనియే, దానివలనను వెలుతురు కొంత చెదరును. కాని మీటరుల నడుమ కన్ను తిరుగాడుట నాకిష్టము లేదు. క్రింది సామానుల పెట్టె మూతకు ఇత్తడి రేకు వేసి, దానిమీద ఆ చుట్టలు తీర్చి యిచ్చితిని. ఇప్పుడు వచ్చినవారికి ఆయన ఆ మూతనే చూపుచున్నాడు.

నెఱ్ఱెలు వాఱిన పాత పలక నా కొట్టులో గోడకు వ్రేలాడుచున్నది. క్రొత్తదానిమీద ఉప్పుగాలికి సన్నగా చిలుము పట్టుచున్నదని విన్నాను. ఆసామి ఇంటివారు చింతపండుతో తోమబోగా సరంగు తోమనీయలేదట.