నిబంధనలును పక్షబుద్ధియు

(విశాఖపట్టణమున మన సంఘ వార్షిక మహాసభయందు చేసిన యుపన్యాసము)



ఈ మధ్యాహ్నము మన సభయెదుటికి నొక సవరణ రానున్నది. సంఘపు స్థిరాస్తిని విక్రయించుటకు సర్వసభ్యసమావేశమున మూడింట రెండువంతుల సమ్మతి యుండవలెనను నిబంధనను తీసివైచి, సగముకంటె నొక్క వోటు హెచ్చుగనున్న జాలునని వ్రాయవలెనట. విద్యార్థివసతిగృహపు స్థలమువలన నీ ప్రశ్న పుట్టినదని యెల్లరెఱుగుదురు. నేడు దీనిని తీసివేయుమనువారే, కార్యవర్గము తమచేత లేనినాడు, ఈ నిబంధనయే సంఘమునకు ప్రాణమనిరి. నేడు దీనిని కాపాడుమనువారు నాడు దీనిని ప్రగతికి సంకెలయనిరి. మేమును రెండుమాఱులు మాటలాడితిమి. రెండుమాఱులును రెండువిధములుగా మాటలాడితిమి. కావున మేము చెప్పబోవునది పరనింద గాదు.

ఈ తెగులు మనకే పట్టినదికాదు. అమెరికా దేశపు సెనేటులో నూర్గురు సభ్యులు. అధ్యక్షుడు న్యాయమూర్తిగా నొకని పేరు పంపినప్పుడు, చర్చను ముగించుటకు అఱువదిమంది సమ్మతి కావలసియుండెను. అల్పసంఖ్యాకులకు నిదియే యాయుధము. 2005లో రిపబ్లికనులు దీనిని తీసివేయుదుమని బెదరింపగా డెమోక్రాటులు ఘోరమనిరి. 2013 నవంబరులో డెమోక్రాటులే క్రిందికోర్టుల న్యాయమూర్తుల విషయమున దానిని తీసివైచిరి. అప్పుడు ఘోరమనుట రిపబ్లికనుల వంతు. 2017 ఏప్రిలులో వీరే సుప్రీముకోర్టునకును దానిని విస్తరింపజేసిరి. అంతకుముందు 2016లో, ఎన్నికల సంవత్సరమున ప్రజలే నిర్ణయింపవలెనని చెప్పి, ఒబామాగారు మార్చిలో పంపిన గార్లండుగారి పేరును విచారణకైనను తీసికొనకుండిరి. 2020లోనో, ఎన్నికకు ఎనిమిదిదినములముందు బారెట్టుగారి నియామకమును స్థిరపఱచిరి. అత్త పగులగొట్టినది అడుగోటికుండ, కోడలు పగులగొట్టినది క్రొత్తకుండ యను సామెత యా దేశమున నున్నదోలేదో!

అంతదూరమేల? మన శాసనమండలి కథ వినుడు. అది 1958 జూలైలో ఏర్పడెను. 1983లో రామారావుగారు శాసనసభలో గొప్ప బలముతో నధికారమునకు రాగా, మండలిలో కాంగ్రెసువారు హెచ్చుగానుండిరి. మండలి వ్యర్థమని సభ తీర్మానించెను. 1985లో పార్లమెంటు శాసనముచేత నది రద్దయ్యెను. 1990లో చెన్నారెడ్డిగారి ప్రభుత్వము దానిని మరల తేజూచెనుగాని కార్యము నెఱవేఱలేదు. 2004లో రాజశేఖరరెడ్డిగారి కాలమున సభ మరల తీర్మానింపగా, తెలుగుదేశమువారు వ్యతిరేకించిరి. 2007లో మండలి మరల కొలువుదీరెను.

ఇక 2020 జనవరి. విశాఖపట్టణమును కార్యనిర్వాహక రాజధానిగను, అమరావతిని శాసన రాజధానిగను, కర్నూలును న్యాయ రాజధానిగను జేయు బిల్లు సభలో గెలిచి మండలికి వచ్చెను. అచ్చట ప్రభుత్వపక్షమువారు తొమ్మండుగురే. 22వ తేదీని మండల్యధ్యక్షులు షరీఫుగారు తమ విచక్షణాధికారముచేత దానిని సెలెక్టు కమిటీకి పంపుచున్నామనిరి. అయిదుదినములు గడచెనోలేదో, 27వ తేదీని, తెలుగుదేశమువారు సభకు రాకుండగా, 133 వోట్లతో మండలిని రద్దుచేయవలెనని శాసనసభ తీర్మానించెను. మామ తీసివేయించిన మండలిని అల్లుడు కాపాడుచుండెను. తండ్రి నిలిపిన మండలిని కుమారుడు కూల్చబూనెను. ఇరువురికిని వాదములు సిద్ధముగానే యుండెను; ఏలయన నొకరివాదము నొకరు ఎరువుదెచ్చుకొన్నచో సరిపోవును.

ఆ వారమున మేమీ యూరనే యుంటిమి. రాజధాని వచ్చుచున్నదని మిఠాయిపంచినవారు, మండలిలో మనకులమునకొక స్థానమిప్పింపుడని మునుపు రెండుపక్షముల గడపలును త్రొక్కినవారు, మండలి తెల్లయేనుగని యొక్కరాత్రిలో గనుగొనిరి. వారిలో మా మిత్రులు పెక్కురు. మేము వారికెదురు పలుకలేదు, మిఠాయియు తింటిమి.

నిజమునకు మండలి యే బిల్లును చంపజాలదు. రాజ్యాంగపు 197వ యధికరణముచొప్పున మొదట మూడుమాసములు, సభ మరల పంపినపిదప నొక్కమాసము ఆపగలదు, అంతే. ఆ బిల్లు 2020 జూలై 31న గవర్నరుగారి యామోదము పొందనేపొందెను. పిమ్మట 2021 నవంబరు 22న ప్రభుత్వమే, అందఱితోను సంప్రదించి సమగ్రమైనది తెత్తుమని, దానిని వెనుకకు దీసికొనుటకు బిల్లు పెట్టెను. మఱునాడే మండలి రద్దు తీర్మానమును గూడ నుపసంహరించిరి. అప్పటికి మండలిలో వారిబలము పెరిగియుండెను. సంప్రదింపవలెననుటకే గదా సెలెక్టు కమిటీ! అయినను, కమిటీ కోరినవారి కోరిక పరిశీలనమే గాని యడ్డగింపు గాదని మేము ప్రమాణము చేయజాలము.

2024 జూనులో నధికారము మరల చేతులుమాఱెను. సభలో పదునొక్కస్థానములకు దిగిన వై.యెస్.ఆర్. కాంగ్రెసువారికి, తాము వలదన్న మండలియే నిలువనీడ యయ్యెను. వారిపక్షమున మండలిలో ప్రతిపక్షనాయకత్వము వహించిన బొత్స సత్యనారాయణగారు ఆ యాగస్టున నెన్నికైనది మన విశాఖపట్టణ స్థానికసంస్థల నియోజకవర్గమునుండియే.

ఇప్పుడు మన సవరణకు వత్తము. మూడింట రెండువంతుల నిబంధన మంచిదో చెడ్డదో మేము నిశ్చయింపలేకున్నాము. స్థలము సంద్రపుగాలికి తుప్పుపట్టిన ఇనుపకమ్ములతో నట్లే పడియుండుటయు, మన పల్లెలనుండి చదువునకు వచ్చిన పిల్లలు బాడుగకొట్లలో నలుగురైదుగురొక్కచోట నుండుటయు మాకు దుఃఖకరమే. వసతిగృహమునకని దాతలిచ్చిన స్థలమును నొక్కవోటు హెచ్చుతో నమ్ముటయు మాకు భయకరమే. కావున సవరణకు నొక చేర్పును ప్రతిపాదించుచున్నాము: సవరణ నెగ్గినను, ఈ కార్యవర్గపు గడువు తీఱి, క్రొత్త కార్యవర్గము ఎన్నికైన నాటినుండియే యది యమలులోనికి రావలెను. నాడు పదవి యెవరి చేత నుండునో నేడీ మందిరమున నెవ్వరికిని తెలియదు. సవరణను కోరువారు అప్పుడును కోరుదురేని, మేమును వారితో చేయియెత్తుదుము. చేర్పును వ్రాసి కార్యదర్శిగారి చేతికిచ్చితిమి. మొదట దానినే వోటునకు పెట్టుడని యధ్యక్షులవారిని వేడుచున్నాము.