ఒకసారి దగ్గండమ్మా

అనస్థీషియాలో పట్టాలు అందుకుంటున్న తమ్ముళ్లకు, చెల్లెళ్లకు అభినందనలు.

మీలో కొందరు రేపు జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి వెళ్తారు. మహబూబాబాద్‌లో 2022లో, మిగతా రెండు చోట్ల 2023లో ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలయ్యాయి. ఛాతీ ఆపరేషన్ వరంగల్‌లోనో హైదరాబాద్‌లోనో జరిగినా, కుట్లతో ఊరికొచ్చిన మనిషి నొప్పి ఆగకపోతే మీ దగ్గరికే వస్తాడు. ట్రాక్టర్ బోల్తా పడి పక్కటెముకలు విరిగిన రైతును కూడా ముందు మీరే చూస్తారు.

నా చదువు రోజుల్లో ఒక పెద్దమ్మకు ఊపిరితిత్తి చుట్టూ చీము పడితే ఆపరేషన్ చేశారు. మర్నాడు పొద్దున్నే వెళ్లి "నొప్పి ఉందా అమ్మా?" అని అడిగాను. "లేదు బిడ్డా" అంది. కేస్ షీట్‌లో నొప్పికి సున్నా వేశాను. పక్కనున్న సిస్టర్ "ఒకసారి దగ్గమనండి సార్" అన్నది. పెద్దమ్మ దిండును పక్కకు అదుముకుంది, నోరు తెరిచింది, దగ్గలేకపోయింది. "దగ్గితే పానం పోతాంది బిడ్డా" అంది. కదలకుండా పడుకుంది కాబట్టే ఆమెకు నొప్పి తెలియలేదు. కఫం లోపలే నిలిచి మూడో రోజుకు న్యుమోనియా వచ్చింది. నేను వేసిన ఆ సున్నా నాకు ఇప్పటికీ గుర్తొస్తుంది.

దగ్గగలిగేలా చేయడానికి మన చేతిలో చాలా దారులున్నాయి. వెన్నులో పెట్టే ఎపిడ్యూరల్ రెండు పక్కలా బాగా పనిచేస్తుంది, దశాబ్దాల పాటు అదే ప్రమాణం. కానీ బీపీ పడిపోవచ్చు, మూత్రం ఆగొచ్చు. రక్తం పలచబరిచే మందులు వాడేవారికి వెన్నులో రక్తం చేరి కాళ్లు పడిపోయే ముప్పుంది. రాత్రంతా కనిపెట్టుకుని ఉండే సిస్టర్ లేని వార్డులో అది పెట్టకండి. 1905 నాటి పారావెర్టిబ్రల్ బ్లాక్, అంటే వెన్ను పక్క నరాలకు ఇచ్చే మత్తు సూది, ఆపరేషన్ జరిగిన వైపే మొద్దుబారుస్తుంది. నొప్పి తగ్గించడంలో ఎపిడ్యూరల్‌కు దాదాపు సాటి అనీ, ఇబ్బందులు తక్కువనీ 2016లో కోక్రేన్ సమీక్ష తేల్చింది. అయితే సూది మొన ఊపిరితిత్తి పొర పక్కనే ఉంటుంది, చెయ్యి తిరిగి ఉండాలి. అదే ఏడాది ఫొరెరో బృందం చెప్పిన ఎరెక్టర్ స్పైనే బ్లాక్‌లో సూది వెన్నెముక పక్క ఎముకను తాకి ఆగుతుంది. అందుకే కొత్త చేతులకు భద్రం. కానీ మందు ఎంత దూరం పాకుతుందో మనిషి మనిషికీ మారుతుంది. 2013లో బ్లాంకో బృందం చెప్పిన సెరాటస్ బ్లాక్‌ను పక్కకు తిరగలేని మనిషికి వెల్లకిలా ఉండగానే ఇవ్వొచ్చు. వీపు వైపు ఎముకలు విరిగితే మాత్రం అది చాలదు.

ఏది గొప్పదని నన్ను అడగకండి. ఈ రోగికి, మీ చేతికి, ఈ రాత్రి డ్యూటీలో ఉన్న సిస్టర్లకు ఏది సరిపోతుందో చూసుకోండి. మందు మోతాదు బరువును బట్టి లెక్కగట్టండి. సూది పట్టేముందు, మందు వికటిస్తే విరుగుడుగా ఇచ్చే లిపిడ్ సీసా అందుబాటులో ఉందో లేదో చూడండి.

మన నేలకు ఈ మత్తు విద్యలో పాత చరిత్ర ఉంది. 1888, 1889లలో హైదరాబాద్‌లో డాక్టర్ ఎడ్వర్డ్ లారీ చొరవతో, క్లోరోఫామ్ మత్తు ఎంత భద్రమో తేల్చడానికి క్లోరోఫామ్ కమిషన్లు పనిచేశాయి. ప్రపంచంలోని తొలి మహిళా మత్తు వైద్యుల్లో ఒకరైన రూపాబాయి ఫర్దూన్జీ ఆ రోజుల్లో ఇక్కడే పనిచేశారు. క్లోరోఫామ్ గుండెకు చేటు చేయదన్న లారీ నమ్మకం తప్పని తర్వాత తేలింది. రోగి ఊపిరి మీద కన్ను వేసి ఉంచమన్న ఆయన పాఠం మాత్రం నిలిచింది.

అందుకే బ్లాక్ ఇచ్చి థియేటర్ నుంచి వెళ్లిపోకండి. సాయంత్రం ఒకసారి, పొద్దున ఒకసారి మంచం దగ్గరికి వెళ్లండి. కుట్ల పక్కన చెయ్యి ఆనించి "ఒకసారి దగ్గండమ్మా" అనండి. ఆమె దగ్గిన తర్వాతే షీట్‌లో అంకె వేయండి.