పాత కంప్యూటరుకు ఫ్లాష్ కార్డు: మన సభ్యత్వ రికార్డు దక్కిన వైనం

(పింఛనుదారుల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



1982 డిసెంబరు 17న నకారా కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుకు గుర్తుగా మనం ఈ దినోత్సవం జరుపుకుంటున్నాము. పింఛను ఎవరి దయా కాదు, మన హక్కు అని ఆ తీర్పు చెప్పింది. కాని హక్కు ఉన్నంత మాత్రాన సరిపోదు, దానికి ఆధారం చేతిలో ఉండాలి. రికార్డు దొరకని ఫైలు గతి ఏమవుతుందో జీవితమంతా కార్యాలయాల్లో గడిపిన మీకు నేను చెప్పనక్కరలేదు. అందుచేత ఇవాళ మన సంఘం రికార్డు గురించి, అది ఉన్న పాత కంప్యూటరు గురించి నాలుగు మాటలు మనవి చేస్తాను.

మన సంఘం గదిలో మూలన ఉన్న 486 కంప్యూటరు మీలో చాలామంది చూసే ఉంటారు. 1996 నుండి 2009 వరకు చేరిన సభ్యుల వివరాలన్నీ అప్పటి పెద్దలు అందులో ఎక్కించారు. పేరు, పని చేసిన శాఖ, రిటైరైన తేదీ, పీపీవో నంబరు, ఏ ఉప ఖజానా, భార్య లేక భర్త పేరు, ఇలా ఒక్కొక్కరికి ఒక వరుస. కాగితపు రిజిస్టరును తర్వాత చెదలు తిన్నాయి. మిగిలింది ఆ యంత్రంలో ఉన్న నకలు ఒక్కటే.

దాని విలువ ఎంతో ఒక్క ఉదాహరణ చెబుతాను. మన సభ్యులొకరు కాలం చేశాక వారి సతీమణి ఫ్యామిలీ పింఛను కోసం వచ్చారు. ఇంట్లో పీపీవో కనబడలేదు, నంబరు ఎవరికీ గుర్తు లేదు. ఆ కంప్యూటరు తెరిచి నంబరు, ఉప ఖజానా పేరు రాసి ఇచ్చాము. ఆ చీటీ పట్టుకునే ఆమె దరఖాస్తు ముందుకు కదిలింది. ఆ తర్వాత కొద్ది నెలలకే కంప్యూటరు ఆన్ చేస్తే లోపల టిక్కు టిక్కుమని చప్పుడు మొదలైంది.

ఆ చప్పుడు హార్డు డిస్కుది. అది గుండ్రటి పళ్ళెం లాంటిది, నిమిషానికి వేల సార్లు తిరుగుతుంది. దాని మీద వెంట్రుక మందం కన్నా తక్కువ ఎత్తులో చదివే ముల్లు తేలుతూ ఉంటుంది. 1956లో ఐబీఎం తయారు చేసిన మొదటి డిస్కు యంత్రం బీరువా కంటే పెద్దది, పట్టింది మాత్రం 50 లక్షల అక్షరాలే. సైజు తగ్గింది గాని పద్ధతి అదే. తిరిగే వస్తువు ఏదైనా ఒకనాటికి అరుగుతుంది.

కొత్త కంప్యూటరు కొంటే పోదా అని కొందరు అడిగారు. న్యాయమైన ప్రశ్నే. చిక్కేమిటంటే మన పేర్లు తెలుగులో ఉన్నాయి. ఆ రోజుల్లో డాస్ కింద ఫాక్స్‌ప్రోలో తెలుగు రావాలంటే జిస్ట్ కార్డు అనే బోర్డు పెట్టాలి. అది కూర్చునే పాతరకం స్లాటు ఇప్పటి కంప్యూటర్లలో లేదు. ఫైలు కొత్త యంత్రంలోకి పోతుంది గాని తెలుగు పేర్ల చోట పిచ్చి గీతలు కనబడతాయి. కాబట్టి పాత యంత్రం మరికొంత కాలం బతకాలి.

మన సభ్యులొకరి మనవడు ఇంజనీరింగు చదువుతున్నాడు. అతనూ నేనూ కూర్చుని ఈ పని చేశాము. ఎలా చేశామో చెబుతాను, ఇంకెవరికైనా పనికి రావచ్చు.

మొదటి సూత్రం, చప్పుడు చేసే డిస్కును మళ్ళీ మళ్ళీ ఆన్ చేయకూడదు. దాన్ని విప్పి, ఐడీఈ కేబులు పెట్టే వీలున్న మరో కంప్యూటరుకు తగిలించాము. డీడీ రెస్క్యూ అనే ఉచిత ప్రోగ్రాముతో మొత్తం డిస్కుకు నకలు తీశాము. అది చెడిన చోట ఆగిపోకుండా ముందు బాగున్న భాగమంతా చదివి, మొండికేసిన చోటికి తర్వాత తిరిగి వస్తుంది. పరీక్షలో తెలిసిన ప్రశ్నలు ముందు రాసినట్టన్న మాట. సభ్యుల ఫైలు పూర్తిగా దక్కింది.

రెండవది, డిస్కు స్థానంలో పెట్టే వస్తువు. పాత కెమెరాల్లో వాడిన కాంపాక్ట్ ఫ్లాష్ కార్డు దీనికి తగినది. 1994లో శాన్‌డిస్క్ దీన్ని తెచ్చింది. ఇది హార్డు డిస్కు మాట్లాడే ఐడీఈ భాషే మాట్లాడుతుంది, కాబట్టి మధ్యలో దుబాసీ అక్కరలేదు. పిన్నులు కలిపే చిన్న అడాప్టరు చాలు. సెల్‌ఫోనులో వేసే ఎస్‌డీ కార్డుకైతే ఆ భాష రాదు, దాని అడాప్టరులో తర్జుమా చేసే చిప్పు ఉండాలి. ఇలాంటి వస్తువులు ఇంటర్నెట్టులో దొరుకుతాయి, సికింద్రాబాదు చెనాయ్ ట్రేడ్ సెంటరులోనూ విచారించవచ్చు.

మూడవది, సైజు. ఎంత పెద్దదైతే అంత మంచిదని అనుకోవద్దు. పాత కంప్యూటరు డిస్కును లెక్కించే పద్ధతిలో 1024 సిలిండర్లు, 16 హెడ్లు, 63 సెక్టార్లు, ఒక్కో సెక్టారుకు 512 బైట్లు అని హద్దులున్నాయి. గుణిస్తే 52,84,82,304 బైట్లు. రిజిస్టరులో మూడంకెల గడిలో నాలుగంకెలు పట్టనట్టే, అంతకు మించిన చోటు ఆ యంత్రానికి కనబడదు. మేము 512 మెగాబైట్ల కార్డు వేశాము. మన పాత డిస్కు 210 మెగాబైట్లే కనుక చోటుకు లోటు లేదు.

పని చేసేటప్పుడు ప్లగ్గు పూర్తిగా తీసి, ఇనుప క్యాబినెట్టును ఒకసారి ముట్టుకోవాలి, ఒంటి మీది స్థిర విద్యుత్తు పోతుంది. కేబులు మీద ఎర్ర గీత అడాప్టరు ఒకటో పిన్ను వైపు రావాలి. జంపరు మాస్టరు మీద ఉండాలి. బయోస్‌లో ఆటో డిటెక్ట్ చేశాక ఎఫ్‌డిస్క్‌తో పార్టిషను చేసి దాన్ని యాక్టివ్ చేయాలి, తర్వాత సిస్టం ఫైళ్ళతో ఫార్మాటు చేయాలి. డిస్కు నకలును ఉన్నదున్నట్టు కార్డు మీద దించితే లెక్కలు కుదరక బూటు కాకపోవచ్చు. అందుకే కొత్తగా ఫార్మాటు చేసి ఫైళ్ళు మాత్రం కాపీ చేశాము.

పనిలో పనిగా మదర్‌బోర్డు మీద టంకం వేసి ఉన్న పాత బ్యాటరీని తీయించాము. ఆ రకం బ్యాటరీలు కారి రాగి గీతలను తినేస్తాయి. ఇంట్లో పాత కంప్యూటరు దాచుకున్నవారు ముందుగా చూడవలసింది అదే.

ఇప్పుడు టిక్కు టిక్కు లేదు. ఆన్ చేస్తే ఫ్యాను చప్పుడు ఒక్కటే. తెర మీద తెలుగు పేర్లు యథాతథంగా వచ్చాయి.

అయితే మిత్రులారా, ఇది శాశ్వతమని నేను చెప్పను. ఫ్లాష్ చిప్పులో సమాచారం చిన్న చిన్న గదుల్లో బంధించిన విద్యుదావేశం. చెరిపి రాసిన కొద్దీ గదులు అరుగుతాయి. డాస్ తక్కువగా రాస్తుంది కనుక ఆ భయం కొంచెమే. కాని ఏళ్ళ తరబడి ముట్టుకోకుండా బీరువాలో పెడితే ఆవేశం మెల్లగా జారిపోవచ్చు. అందుకే మూడు నకళ్ళు చేశాము. ఒకటి ఆ యంత్రంలో, ఒకటి సంఘం కొత్త కంప్యూటరులో, ఒకటి వేరే ఊళ్ళో ఉన్న సభ్యుల ఇంట్లో.

ఇంకొక పని మిగిలింది. జిస్ట్ కార్డు తెలుగును ఇస్కీ అనే పద్ధతిలో దాస్తుంది. 1991లో దాన్ని భారతీయ ప్రమాణంగా ప్రకటించారు. అదే సంవత్సరం వచ్చిన యూనికోడ్‌లోనూ తెలుగుకు చోటు దక్కింది. ఇవాళ మీ మనవల ఫోన్లలో కనబడే తెలుగు అదే. రెండు పట్టికలూ అందరికీ అందుబాటులో ఉన్నాయి కనుక ఒకదాని నుండి మరొకదానికి మార్చవచ్చు. మార్చిన ప్రతి పేరునూ పాత తెరతో పోల్చి చూడాలి. అది యంత్రం చేసే పని కాదు, మన గుమాస్తాల పని. సరిచూడడం మనకు కొత్త కాదు కదా.

కావున నా విన్నపములు రెండు. సంఘం గదికి వచ్చి మీ వరుస ఒకసారి చూసుకోండి, తప్పుంటే చెప్పండి. మీ పీపీవో నకలు, బ్యాంకు పుస్తకం మొదటి పేజీ, భార్య లేక భర్త పేరు, పుట్టిన తేదీ ఉన్న కాగితం ఒక కవరులో పెట్టి, అది ఎక్కడ ఉందో ఇంట్లో వారికి చెప్పండి. మనం పోయాక దాన్ని వెతికే చేతులు మన ఇల్లాలివి. ఆమెకు ఆ రోజు ఇంకో వెతుకులాట ఉండకూడదు.