కంప్యూటరు తెరపై పలు బల్లలు: ప్రయోజనమా? వేడుకా?

(గ్రంథాలయ రజతోత్సవ సందర్భమున చేయబడిన ఉపన్యాసము)



గ్రంథాలయ సభలో గ్రంథములను గూర్చి ప్రసంగించుట పరిపాటి. కాని నేటి చదువరికి పుస్తకముతోబాటు కంప్యూటరు కూడ కావలసివచ్చినది. ఆ యంత్రమున "వర్చువల్ డెస్క్‌టాప్" అను ఏర్పాటు ఒకటి కలదు. అది లేనిదే పని సాగదని కొందఱును, అది కన్నులకు విందే కాని చేతికి సాయము కాదని కొందఱును వాదింతురు. ఈ వాదము పట్టణపు కార్యాలయములకే చెందినదని తలపరాదు. ఒకే కంప్యూటరు ముందు పదిమంది వంతులు వేసికొని కూర్చుండు గ్రంథాలయమున దీని మంచిచెడ్డలు మఱింత ముఖ్యములు.

డెస్క్‌టాప్ అనగా వ్రాతబల్ల పైభాగము. తెరను బల్లగాను, దానిపై తెరచుకొను విండోలను కాగితములుగాను భావించు పద్ధతి 1970 దశకమున అమెరికాలోని కాలిఫోర్నియాలో, జిరాక్స్ సంస్థవారి పరిశోధనాలయమున రూపు దిద్దుకొన్నది. ఉపమానము చక్కనిదే. కాని నిజమైన బల్లపై పది కాగితములు ప్రక్కప్రక్కన పరచవచ్చును. తెరపై రెండు పరచుసరికి చోటు తీరును. మూడవది వచ్చి మొదటిదానిని కప్పివేయును. ఈ యిబ్బందికి విరుగుడుగా ఒకే తెర వెనుక నాలుగైదు బల్లలున్నట్లు ఏర్పఱచి, ఒక్కొక్కసారి ఒక్కొక్క బల్లను ముందునకు తెచ్చుటయే వర్చువల్ డెస్క్‌టాప్. ఎక్కడో దూరముననున్న యంత్రమును ఇంటినుండి నడుపు విధానమునకు కూడ ఇదే పేరు వాడుచున్నారు. దానితో ఈ ప్రసంగమునకు పని లేదు.

ఆంధ్రదేశమున 1984లో రద్దగువఱకు కరణము పదవి ఉండెను. ఆనాటి కరణముగారి అరుగును చూచినవారు ఈ సభలో కొందఱైనను ఉందురు. శిస్తు లెక్కకు ఒక మూట, పొలముల కొలతలకు ఒక మూట. గట్టు తగవుతో రైతులు వచ్చినచో శిస్తు మూటను కట్టిపెట్టి కొలతల మూటను విప్పుటయే పద్ధతి. అన్నియు ఒకేసారి విప్పి చాపపై పోసికొన్న కరణమునకు కావలసిన కాగితము సాయంకాలము వఱకు దొరకదు. మూటలు కట్టుట వేడుక కొఱకు కాదు గదా!

ఇదే సూత్రమును శాస్త్రీయముగా చెప్పినవారు ఆస్టిన్ హెండర్‌సన్, స్టూఅర్ట్ కార్డ్ అను ఇద్దఱు పరిశోధకులు. వారును జిరాక్స్ పరిశోధనాలయమువారే. 1986లో వారు "రూమ్స్", అనగా గదులు, అను పేర ఒక ఏర్పాటును ప్రకటించిరి. వారి ఆలోచనకు మూలము మఱియొక చోట ఉన్నది. పీటర్ డెనింగ్ అను శాస్త్రవేత్త 1968లో కంప్యూటరు జ్ఞాపకశక్తిని గూర్చి ఒక సిద్ధాంతము చేసెను. నడుచుచున్న కార్యక్రమమునకు ఏ క్షణమునను తన సమాచారమంతయు అవసరముండదు, కొన్ని పుటలే వలయును. ఆ కొన్నియు మెమరీలో పట్టినచో పని సాఫీగా సాగును, పట్టనిచో యంత్రము అసలు పని మాని పుటలను తెచ్చుటలోను పంపుటలోను కాలము గడుపును అని దాని సారము. మనుష్యునికిని విండోలకును గల సంబంధము ఇట్టిదేయని హెండర్‌సన్, కార్డ్‌లు గ్రహించిరి. ఒక పని చేయునంతసేపు మనకు కావలసినవి నాలుగైదు విండోలే. పని మారినపుడు ఆ గుంపంతయు ఒక్కసారిగా మారవలెను. అట్లు మారనిచో వెదకుటయే పనియై కూర్చుండును.

వారి గదులకు తలుపులు ఉండెను. వచ్చిన గదికి తిరిగిపోవుటకు దొడ్డిదారి ఉండెను. ఏ గదికి పోయినను వెంట ఉండవలసిన గడియారము వంటి వస్తువుల కొఱకు "జేబు" కూడ ఉండెను. నలువది సంవత్సరముల క్రిందటి ఆ జేబు నేటి విండోస్‌లో "ఈ విండోను అన్ని డెస్క్‌టాప్‌లపై చూపుము" అను ఆజ్ఞగా కనుపించుచున్నది.

తరువాతి చరిత్ర క్లుప్తముగా చెప్పవచ్చును. యునిక్స్ యంత్రములపై 1990 ప్రాంతమునకే ఇట్టి ఏర్పాట్లు ఉండెను. ఆపిల్ సంస్థ 2007లో "స్పేసెస్" అను పేర దీనిని తన మాక్ యంత్రములలో చేర్చినది. విండోస్‌లో ఇది సహజాంగమైనది 2015లో, విండోస్ 10తో.

వేడుకయను అపవాదు మాత్రము ముఖ్యముగా 2006లో వచ్చిన "కంపిజ్" వలన బలపడినది. నోవెల్ సంస్థ లినక్సు కొఱకు విడుదల చేసిన ఆ సాఫ్ట్‌వేరులో నాలుగు బల్లలు ఒక ఘనమునకు నాలుగు ముఖములై తిరుగును. విండోను పట్టి లాగినచో తాటిముంజె వలె వణకును. యువకులు దానిని చూచి మురిసిరి, పెద్దలు పెదవి విఱిచిరి. వణకుట వలన ప్రయోజనమేమియు లేదన్నది స్పష్టమే. కాని తిరుగుట సంగతి వేఱు. 1885 నుండి ఆడుచున్న సురభివారి నాటకములను తలంచుకొనుడు. దర్బారు తెర లేచి అడవి తెర దిగినపుడు ప్రేక్షకునికి ముచ్చట కలుగుట నిజమే. కాని స్థలము మారినదను ఎఱుక కూడ ఆ తెర వలననే కలుగును. బల్ల మారునపుడు ఏమియు కదలక, చూచుచున్న కాగితములు చటుక్కున మాయమైనచో క్రొత్తవాడు తన వ్రాత పోయినదని బెదరిపోవును. కుడికి జరిగినదో ఎడమకు జరిగినదో కంటికి తెలిసినచో వెనుకకు వచ్చు త్రోవయు తెలియును. కావున కదలిక కొంత కావలసినదే. పాత యంత్రముపై అది నత్తనడక నడచినపుడే మానివేయదగును.

అసలు ప్రయోజనము ఉండుటయు లేకుండుటయు బల్లలను పంచుకొను తీరుపై ఆధారపడియుండును. ఒక విద్యార్థిని ఉద్యోగమునకు దరఖాస్తు నింపుచు, నడుమ పరీక్షకు చదువుకొనుచున్నదనుకొందము. ప్రకటన, దరఖాస్తు, ధ్రువపత్రముల నకళ్లు, ఛాయాచిత్రము ఒక బల్లపైనను, పాఠము, నిఘంటువు, తాను వ్రాసికొను టిప్పణి మఱియొక బల్లపైనను ఉంచినచో ఆమెకు సుఖము. అట్లుగాక వెబ్ పుటలన్నియు ఒక చోట, పత్రములన్నియు ఒక చోట అని జాతులవారీగా విభజించినదా, ధ్రువపత్రములోని సంఖ్యను దరఖాస్తులోనికి ఎక్కించుటకు రెండు బల్లల నడుమ పరుగులు తీయవలెను. ఆ పరుగులో ఒక అంకె తాఱుమాఱైనచో దరఖాస్తే తిరస్కరింపబడవచ్చును. ఎదురెదురుగా పోల్చి చూడవలసినవి ఒకే బల్లపై ప్రక్కప్రక్కన ఉండవలెను. బల్లలను ఎక్కువ చేసి ఈ కొఱతను తీర్చుట సాధ్యము కాదు. ఒకే లేఖ వ్రాసి లేచిపోవువానికి ఈ ఏర్పాటుతో నిమిత్తమే లేదు.

బల్లలు పెరిగిన కొలది యంత్రము శక్తియు పెరుగునను భ్రమ కొందఱికి కలదు. కంటికి కానరాని బల్లపై తెరచియుంచిన కార్యక్రమములు కూడ మెమరీని ఆక్రమించియే ఉండును. నాలుగు జీబీల మెమరీ గల పాత కంప్యూటరులో ఖాళీ బల్ల భారము కాదు, దానిపై పరచిన సరకు భారమగును.

ఇంతకంటె గట్టిగా చెప్పవలసినది ఒకటి కలదు. బల్ల మార్చుట తాళము వేయుట కాదు. బ్యాంకు ఖాతా తెరచిన విండోను రెండవ బల్లపై విడిచి, మొదటి బల్లను శుభ్రముగా చూపి లేచిపోయినవాడు తన పని ముగిసినదనుకొనును. అతని తరువాత కూర్చున్నవాడు విండోస్ మీటతోబాటు ట్యాబ్ మీటను నొక్కినంతనే అన్ని బల్లలును చిన్న బొమ్మలుగా ఎదుట నిలుచును. సంకేతపదము అడుగువారు లేరు. ఆ బల్లనే మూసివేసితినికదా యనుకొన్నను చాలదు. విండోస్‌లో బల్లను మూసినచో దానిపైనున్న విండోలు మూతపడవు. ప్రక్క బల్లపైకి చేరుకొనును. అందువలన పదిమంది వాడు యంత్రమున మొదట బ్యాంకు పుటనుండి లాగ్ అవుట్ కావలెను. పిదప యంత్రమునుండియే సైన్ అవుట్ కావలెను. గ్రంథపాలకులు చందాదారులందఱికిని ఒకే ఖాతాను ఇయ్యక, వేఱువేఱు ఖాతాలను ఏర్పఱచినచో ఒకరి బల్ల మఱియొకరి కంటబడదు.