గవినియొద్ద పెనిమిటి

(స్త్రీల మైత్రి కూటములో చేసిన ప్రసంగ పాఠము)



"నేటి స్త్రీ" అనే అంశం మీద మాట్లాడమని నన్ను కోరారు. "నేటి పురుషుడు" అనే అంశం మీద ఏ సంఘంలోనైనా ప్రసంగం పెట్టినట్టు నేను వినలేదు. పురుషుడు నిన్న ఎలా ఉన్నాడో నేడూ అలాగే ఉన్నాడు గనుక కొత్తగా చెప్పవలసింది లేదని కాబోలు. స్త్రీ మాత్రం మారుతూనే ఉంది. అందుకే ఆమె మీద ప్రసంగాలు.

ఇంతకూ నేటి స్త్రీ అంటే ఎవరు? కొందరి లెక్కలో జడ కత్తిరించుకున్నది, స్కూటీ ఎక్కినది, నైటీ మీద తువ్వాలు వేసుకుని పాల ప్యాకెట్టు కోసం వీధిలోకి వచ్చినది. మన తాతలు పంచె విడిచి ప్యాంటు తొడిగినప్పుడు, పిలక తీసి క్రాపు పెట్టినప్పుడు సంస్కృతి మంట కలిసిందని ఎవరూ కన్నీరు కార్చలేదు. సంస్కృతి బరువంతా ఆడవాళ్ళ జడకే వేలాడుతోందని మనకు ఆలస్యంగా తెలిసింది.

ఇక స్త్రీవాదం అనే మాట వినగానే కొందరు సహోదరులు బెదిరిపోతారు. ఆడవాళ్ళందరూ జెండాలు పట్టుకుని డోర్నకల్ జంక్షనులో రైళ్ళు ఆపుతారని వాళ్ళ భయం. భయపడకండి. రైలు ఆపే తీరిక మాకు లేదు. పొయ్యి మీద పాలున్నాయి.

నేను చెప్పదలచిన స్త్రీవాదం ఆ పొయ్యి దగ్గరిదే. దానికి జెండా లేదు. "ఇది ఎవరి పని?" అనే చిన్న ప్రశ్న మాత్రం ఉంది.

మా అమ్మమ్మల కాలంలో రోలు ఉండేది, తిరగలి ఉండేది, ఊదుగొట్టం ఉండేది. ఇప్పుడు మిక్సీ ఉంది, కుక్కరు ఉంది, గ్యాసు ఉంది. పని తగ్గిందా? ఆనాడు అన్నంలోకి ఒక పచ్చడి, ఒక చారు చాలేవి. ఈనాడు దోసెకు రెండు చట్నీలు కావాలి. ఎందుకంటే "మిక్సీలో నిమిషం పని గదా!" ఆ నిమిషాలన్నీ కలిపితే పొద్దు గూకుతుంది. "మా ఆవిడకు వాషింగ్ మెషిన్ కొనిపెట్టాను" అని ఒక అన్న గర్వంగా చెప్తాడు. యంత్రం ఆవిడది, బట్టలు మాత్రం అందరివీ!

ఇంకో మాట ఉంది, "సహాయం". "నేను మా ఇంట్లో వంటకు సహాయం చేస్తానండీ" అంటారు. మంచిదే. ఒక ఆదివారం నాలుగు ఉల్లిపాయలు కోసి నెలంతా చెప్పుకున్నా మాకు సంతోషమే. కాని ఎవరికి సహాయం? అన్నం తినేది తానే, ఇల్లు తనదే, పిల్లలు తన పేరు పెట్టుకున్నవారే. తల్లి పిల్లవానికి అన్నం పెడితే "సహాయం చేసింది" అని ఎవరమూ అనము. తండ్రి పెడితే మాత్రం అది సహాయం, పైగా పొరుగువాళ్ళకు సాక్ష్యం.

ఆదివారం ఉదయం మన ఇళ్ళలో జరిగేది చూడండి. ఆమె చీకటితో లేచి ఉప్మా చేసి, మధ్యాహ్నానికి కోడికూర పొయ్యి మీద పెట్టి, పిల్లలకు తలదువ్వి, అత్తగారి కళ్ళద్దాలు వెదకి, ఆయన చొక్కా ఇస్త్రీ చేసి, కానుకకు చిల్లర తీసి పెడుతుంది. ఆయన ఎనిమిదింటికే బైబిలు చంక నిడుకుని గేటు దగ్గర నిలబడి, "ఎంతసేపే! ఈ ఆడవాళ్ళతో ఎప్పుడూ ఆలస్యమే" అంటాడు. ఆమె చీర కుచ్చిళ్ళు సర్దుకుంటూ పరుగెత్తుకొని వచ్చేసరికి మొదటి కీర్తన అయిపోతుంది. ఆనాటి ప్రసంగం మార్తను గురించి అయితే మరీ బాగుంటుంది. పనుల తొందరలో పడి వాక్యం వినలేదని ఆమెకే గద్దింపు!

మాతృ దినం వచ్చిందంటే సామెతల గ్రంథం ముప్పది యొకటవ అధ్యాయం చదవని సంఘం లేదు. గుణవతియైన భార్య! ఆ అధ్యాయం ఇంటికి వెళ్ళి నెమ్మదిగా చదవండి. ఆమె పొలం చూచి కొంటుంది. తన సంపాదనతో ద్రాక్షతోట నాటిస్తుంది. బట్టలు నేయించి వర్తకులకు అమ్ముతుంది. దీనులకు చేయి చాపుతుంది, జ్ఞానము కలిగి మాట్లాడుతుంది. మరి ఆ అధ్యాయం పొడుగునా పెనిమిటి చేసే పని ఏమిటి? గవినియొద్ద పెద్దలతో కూర్చుంటాడు, చివరికి ఆమెను పొగడుతాడు. అంతే! మన సహోదరులు లేఖనానికి లోబడరని ఎవరన్నారు? గవినియొద్ద కూర్చునే భాగాన్ని అక్షరాలా నెరవేర్చారు. కాలం మారి గవిని పోయింది గనుక హోటలు బెంచీ మీద, రైల్వే ప్లాట్‌ఫారం మీద కూర్చుంటున్నారు.

అయితే ఆ అధ్యాయపు చివరి వచనాన్ని మనం త్వరగా దాటిపోతాం. ఆమె చేతిపనుల ప్రతిఫలం ఆమెకే ఇవ్వాలని అక్కడ ఉంది. పొగడ్త ఒకటే చాలదు, ఫలమూ ఆమెకు చెందాలి. మాతృ దినాన ఒక గులాబీ పువ్వు, ఒక పాట ఇచ్చి ఆ వచనం తీరిపోయిందనుకోవద్దు.

ఆదికాండములో దేవుడు స్త్రీని "సాటియైన సహాయము" అన్నాడు. మనవాళ్ళకు రెండో మాట బాగా వినబడింది, మొదటి మాట మీద ఎవరో దగ్గారు. సాటి అంటే సమానం. సహాయం అనేచోట హెబ్రీ భాషలో ఉన్న మాట ఏజెర్. కీర్తనలలో దేవుడే మనకు సహాయము అని చెప్పేచోట్ల కూడా అదే మాట. దేవునికి వాడిన మాటను పట్టుకుని, అది కాఫీ తెచ్చిపెట్టే ఉద్యోగమని అర్థం చెప్పుకోవడం మన తెలివి.

"మగవాడు పొయ్యి దగ్గరికి పోతే పరువు పోతుంది" అనేవారికి యోహాను సువార్త 21వ అధ్యాయం గుర్తు చేస్తాను. లేచిన ప్రభువు తిబెరియ సముద్రతీరాన ఏం చేస్తున్నాడు? నిప్పులు రాజేసి, చేపలు కాల్చి, రొట్టె సిద్ధం చేసి, రాత్రంతా వలలు లాగి అలసిన శిష్యులను భోజనానికి పిలిచాడు. మరణాన్ని జయించినవానికి పోని పరువు మనకెలా పోతుంది?

ఆ పునరుత్థాన వార్తను మొదట మోసుకొచ్చింది ఎవరు? స్త్రీలు. లూకా వ్రాసిన ప్రకారం అపొస్తలులు వాళ్ళ మాటలు నమ్మలేదు, వట్టి పిచ్చిమాటలన్నారు. తరువాత పేతురు స్వయంగా పరుగెత్తి చూచి వచ్చాడు. పాస్టరేటు కమిటీలో ఒక సోదరి చెప్పిన మాటకు ఎవరూ తల ఎత్తకపోవడం, పది నిమిషాల తర్వాత అదే మాట ఒక అన్న చెప్తే "చాలా మంచి సలహా" అనడం ఆనాడే మొదలైందన్నమాట.

ఇప్పుడు మన ఊరి సంగతికి వస్తాను. 1909లో తమిళ దేశం నుండి అజరయ్య గారు మిషనరీగా డోర్నకలుకు వచ్చారు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో బిషప్పుగా అభిషేకం పొంది, ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్పు అయ్యారు. ఇది మన పిల్లలందరికీ కంఠతా వచ్చు. ఆయన భార్య అన్బు మరియమ్మాళ్ గారు దక్షిణ దేశపు క్రైస్తవ స్త్రీలలో కాలేజీ చదువు చదివిన మొదటివారిలో ఒకరని ఎంతమందికి తెలుసు? తన భాష కాని భాష నేర్చుకుని, తన ఊరు కాని ఊరిలో ఆమె కాపురం పెట్టారు. ఉపదేశుల భార్యలకు కూడా ఇక్కడ చదువు చెప్పేవారు. పల్లెలో భర్త బడి నడిపితే భార్య స్త్రీలకు ప్రార్థన, పరిశుభ్రత, అక్షరాలు నేర్పేది. జీతం మాత్రం ఒక్కటే వచ్చేది.

ఆ ఏర్పాటు ఈనాటికీ మనకు బాగా నచ్చింది. గురువుగారిని వేస్తే అమ్మగారు ఉచితంగా వస్తారు. స్త్రీల కూటం ఆమెదే, సండే స్కూలు ఆమెదే, రోగుల పరామర్శ ఆమెదే, రాత్రి తొమ్మిదింటికి చెప్పకుండా వచ్చిన అతిథికి అన్నమూ ఆమెదే. ఒక్క ఆదివారం ఆమె రాకపోతే మాత్రం "అమ్మగారికి భక్తి తగ్గింది" అంటాం.

పిడికెడు బియ్యం సంగతి మన ముసలమ్మలందరికీ తెలుసు. అన్నానికి ఎసరు పెట్టిన ప్రతిసారీ ఒక పిడికెడు తీసి ప్రభువు కుండలో వేసేవారు. ఇంట్లో అందరికీ చాలకపోయినా ఆ పిడికెడు మాత్రం తప్పేది కాదు. అప్పుడు ఎవరి ముద్ద తగ్గేదో వేరే చెప్పాలా? 1939 జనవరి 6న ప్రతిష్ఠ జరిగిన మన ఎపిఫనీ కథీడ్రలును, దాని గుమ్మటాలను, మినార్లను, తామరపూల చెక్కడాలను చూసి ఎక్కడెక్కడి వారో మెచ్చుకుంటారు. ఆ రాళ్ళ సందున సున్నం ఒక్కటే లేదు, పల్లె తల్లుల పిడికిళ్ళు కూడా ఉన్నాయని నేననుకుంటాను. శిలాఫలకం మీద పిడికెడు బియ్యానికి చోటు దొరకదు.

అజరయ్య గారు చెప్పిన ఒక మాట ఈ అంశానికి చక్కగా సరిపోతుంది. 1910లో ఎడింబరోలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగింది. తెల్లదొరల నడుమ నిలబడి ఆయన చెప్పిన దాని సారాంశం ఇది: మీ త్యాగాలకు, మీ దానధర్మాలకు మేము కృతజ్ఞులం. కాని మాకు కావలసింది ప్రేమ. స్నేహితులుగా రండి. సభలో కొందరికి ఆ మాట చేదుగా ఉంది. "ఇంత చేశాం గదా, ఇంకేం కావాలి?" అనుకుని ఉంటారు.

ఈ మాట ఎక్కడైనా విన్నట్టుందా? ఇంట్లో రోజూ వింటున్నాం. "చీర కొన్నాను, మిక్సీ కొన్నాను, ఒక్క మాట అనలేదు, ఇంకేం కావాలి నీకు?" అయ్యా, మీరు కొన్నవాటికి కృతజ్ఞతలు. మన మొదటి బిషప్పు గారు దొరలను అడిగినదే మేము మిమ్మల్ని అడుగుతున్నాం. స్నేహం కావాలి. పైనుండి చేయి చాపి ఇచ్చేది దయ. పక్కన కూర్చుని పంచుకునేది స్నేహం. మన సంఘం పేరులోనే ఉంది గదా, స్త్రీల మైత్రి! మైత్రి ఆడవాళ్ళలో ఆడవాళ్ళకేనా? ఇంట్లో కూడా కొంచెం ఉండవద్దా?

ఈ స్నేహం ఎలా ఉంటుందో మూడు సంగతులలో చెప్తాను.

మొదటిది ఆస్తి. మన క్రైస్తవులకు 1925 నాటి భారత వారసత్వ చట్టం వర్తిస్తుంది. తండ్రి వీలునామా వ్రాయకుండా చనిపోతే కొడుకుకూ కూతురికీ సమాన వాటా. చట్టం ఇచ్చింది, అన్నయ్య తీసుకున్నాడు. ఒక చీర పెట్టి, కోడికూరతో భోజనం పెట్టి, "ఇక్కడొక సంతకం పెట్టమ్మా" అంటాడు. ఆ చీర ఖరీదు రెండెకరాలు! పెళ్ళినాడేమో "మేము కట్నం అడగము, మీ అమ్మాయికి మీరు ఏం పెట్టుకుంటే అది" అంటారు. 1961లోనే వరకట్న నిషేధ చట్టం వచ్చింది. అప్పటి నుండి కట్నం పేరు కానుకగా మారింది.

రెండవది కూలి. మన చుట్టుపక్కల మిరపతోటలలో ఎర్రటి ఎండలో నడుము వంచి కాయ ఏరేది ఎక్కువగా ఆడవాళ్ళే. సమాన వేతన చట్టం 1976లోనే వచ్చినా మగ కూలి ఒక రేటు, ఆడ కూలి ఒక రేటు అని మన పొలాల్లో ఇంకా వినబడుతోంది. మిరపకాయ మాత్రం ఎవరు కోసినా ఒకే ఘాటు.

మూడవది మాట. 1993లో అమలుకు వచ్చిన డెబ్బది మూడవ రాజ్యాంగ సవరణతో పంచాయతీలలో స్త్రీలకు మూడో వంతు స్థానాలు దక్కాయి. "సర్పంచ్ గారున్నారా?" అంటే భర్తగారు లేచి వచ్చి "చెప్పండి" అంటారు! అయినా ఆడవాళ్ళ నోరు తెరుచుకుంటే ఏమవుతుందో నెల్లూరు జిల్లా దూబగుంట చూపించింది. 1990ల ఆరంభంలో రాత్రిబడిలో నాలుగు అక్షరాలు నేర్చిన స్త్రీలు సారా దుకాణాన్ని మూయించారు. ఆ ఉద్యమం రాష్ట్రమంతా పాకి, 1993 అక్టోబరులో ప్రభుత్వం సారాను నిషేధించింది. వాళ్ళు స్త్రీవాదం అనే మాట విన్నారో లేదో గాని, సాయంత్రం కూలి డబ్బు ఇంటికి రావాలని మాత్రం వాళ్ళకు తెలుసు.

సంఘంలోనూ వెలుగు రాలేదనలేము. ఒకప్పుడు మన డోర్నకల్ అధ్యక్ష మండలములో భాగమైన నంద్యాల ప్రాంతం నుండే, 2013 సెప్టెంబరులో, పుష్పలలిత గారు సి.ఎస్.ఐ.లో మొదటి స్త్రీ బిషప్పుగా అభిషేకం పొందారు. ఇంగ్లాండు సంఘంలో స్త్రీ బిషప్పు అయినది 2015లో. మనకు సువార్త తెచ్చినవారి కంటే మనమే ఏడాదికి పైగా ముందు! బిషప్పు ఆసనం దాకా స్త్రీ వెళ్ళింది. ఇక పాస్టరేటు కమిటీలో టీ కప్పులు అందించే పని నుండి లెక్కల పుస్తకం దాకా వెళ్ళడం అంత దూరమా?

సోదరీమణులారా, నవ్వింది చాలు, ఇప్పుడు మనల్ని కూడా చూసుకుందాం. కొడుకు కంచం తీయబోతే "నువ్వెందుకురా, చెల్లెలుంది గదా" అన్నది ఏ పురుషుడూ కాదు. కోడలు ఉద్యోగం చేస్తే జీతం మంచిది, అలసట చెడ్డది అన్నదీ మనమే. గవినియొద్ద కూర్చునే పెనిమిటిని పెంచింది ఒక తల్లి. కాబట్టి నేటి స్త్రీ చేయవలసిన మొదటి విప్లవం, కొడుకు చేతికి అంట్ల గిన్నె, కూతురి చేతికి బ్యాంకు పుస్తకం ఇవ్వడమే.

సహోదరులారా, వచ్చే ఆదివారం గేటు దగ్గర నిలబడి కేకవేసే ముందు ఒక్కసారి లోపలికి వెళ్ళి చూడండి. చేయవలసిన పని ఏదో ఒకటి కనబడుతుంది. దానిని సహాయమని చెప్పుకోకుండా చేయండి. ఇద్దరూ కలిసి బయలుదేరితే మొదటి కీర్తన ఇద్దరికీ అందుతుంది.

ప్రభువు మన గృహములను, మన సంఘములను నిజమైన మైత్రితో నింపును గాక. సెలవు.