ఎదుటి కుర్చీలో ఉన్నది ట్రైనీ అయితే?

(కోల్‌కతాలో పనిచేస్తున్న తెలుగు సిబ్బంది సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను మాట్లాడమన్నప్పుడు మిత్రులు రుణ వసూళ్ళ గురించో, డిజిటల్ బ్యాంకింగ్ గురించో చెబుతాననుకుని ఉంటారు. ఆ రెండింటి మీదా మనకు వారానికి ఎన్ని సర్క్యులర్లు వస్తాయో మీకు తెలుసు. అందుకని సర్క్యులర్ రాని విషయం ఎంచుకున్నాను. మనసు బాగోక కౌన్సెలింగ్‌కి వెళ్తే, ఎదుటి కుర్చీలో కూర్చున్న మనిషికి ఏ అర్హత ఉండాలి? ఆ మనిషి మనతో ఎలా మాట్లాడాలి? ముఖ్యంగా, ఆ మనిషి ఇంకా శిక్షణలోనే ఉంటే నమ్మవచ్చా? నేను డాక్టర్ని కాను, సైకాలజిస్టునూ కాను. ఎం.బి.ఏ. చదివి ఇరవై ఏళ్ళుగా బ్యాంకులో పనిచేస్తున్నవాణ్ణి. అయితే ఎవరి సంతకానికి ఎంత అధికారం ఉందో చూసుకోవడం మన రోజువారీ పనే కాబట్టి ఈ విషయం మనకు అంత దూరమైనది కాదు.

దీని గురించి మాట్లాడుకోవడానికి కోల్‌కతా కంటే తగిన ఊరు మన దేశంలో లేదు. 1916లో కలకత్తా విశ్వవిద్యాలయంలో మనస్తత్వ శాస్త్ర విభాగం మొదలైంది. దేశంలో అదే మొదటిది. 1922లో ఈ ఊళ్ళోనే గిరీంద్రశేఖర్ బోస్ ఇండియన్ సైకో అనలిటికల్ సొసైటీని స్థాపించారు. రాజాబజార్ సైన్స్ కాలేజీ దగ్గర పార్సీబాగాన్ లేన్ అనే చిన్న సందు ఉంది. అందులో 14వ నంబరు ఇల్లు ఆయనది. బోస్ గారు 1910లో కలకత్తా మెడికల్ కాలేజీలో వైద్యపట్టా పుచ్చుకున్నారు. తర్వాత సైకాలజీలో ఎమ్మెస్సీ చేశారు. 1921లో డి.ఎస్‌సి. తీసుకున్నారు. ఆ పరిశోధన గ్రంథాన్ని వియన్నాలో ఉన్న ఫ్రాయిడ్‌కు పంపితే ఆయన జవాబు రాశారు. ఇద్దరూ ఎన్నడూ ముఖాముఖి కలుసుకోలేదు గానీ ఉత్తరాలు 1937 దాకా నడిచాయి. అవి ఉత్త పొగడ్తల ఉత్తరాలు కావు. తన భారతీయ రోగుల్లో తాను చూస్తున్నది యూరప్ రోగుల్లో కనిపించేదానికి వేరుగా ఉందని బోస్ ఏకంగా ఫ్రాయిడ్‌కే రాశారు. మన జోనల్ మేనేజర్ టార్గెట్ తప్పని బ్రాంచి నుంచి ఉత్తరం రాసినట్టే అనుకోండి!

ఆయన కథలో ఇవాళ్టి మన విషయానికి పనికొచ్చే సంగతి ఒకటుంది. 1920లో బెర్లిన్‌లో మొదలైన శిక్షణ సంస్థ మూడు షరతులు పెట్టింది. సిద్ధాంతం చదవాలి. అనుభవజ్ఞుల పర్యవేక్షణలో కేసులు చూడాలి. అన్నిటికంటే ముందు, శిక్షణ పొందేవారు తామే ఇంకొకరి దగ్గర విశ్లేషణ చేయించుకోవాలి. మరి కలకత్తాలో బోస్‌ను విశ్లేషించడానికి ఎవరున్నారు? ఎవరూ లేరు. ఆయన డిగ్రీలు గట్టివే గానీ, ఈ విద్యలో మాత్రం తనకు తానే గురువు. మొదటివాడికి ఆ వెసులుబాటు తప్పదు. ఇవాళ బోర్డు కట్టుకునేవారికి అది చెల్లదన్నది నా అభిప్రాయం.

ఇక అసలు విషయం. మా ఆఫీసులో ఒక తెలుగు ఆఫీసరున్నాడు. నాకంటే పదేళ్ళు చిన్నవాడు, నన్ను 'అన్నా' అంటాడు. అతని అనుమతితో, ఆనవాళ్ళు మార్చి చెబుతున్నాను. ట్రాన్స్‌ఫర్ మీద ఒంటరిగా వచ్చాడు. భార్యాబిడ్డలు ఊళ్ళో ఉన్నారు. నిద్ర లేదు, తిండి సయించదు, రాత్రి రెండింటికి లేచి ఆ రోజు పాస్ చేసిన వోచర్లు మనసులో మళ్ళీ లెక్కపెట్టుకుంటాడు. డాక్టరు పరీక్షలన్నీ చేసి ఒంట్లో ఏమీ లేదు, కౌన్సెలింగ్‌కి వెళ్ళమన్నారు. కౌన్సెలింగ్ కేంద్రంలో రెండు దారులు చూపించారు. సీనియర్ థెరపిస్టు కావాలంటే ఫీజు ఎక్కువ, కొన్ని వారాలు ఆగాలి. ట్రైనీ అయితే ఫీజు తక్కువ, వచ్చే వారమే మొదలుపెట్టవచ్చు. అతను నా దగ్గరికి వచ్చి, "అన్నా, ట్రైనీ దగ్గరికి వెళ్ళడమంటే నా మీద ప్రాక్టీసు చేయించుకోవడమే కదా?" అన్నాడు.

ముందు అర్హతలు తెలుసుకుందామని ఇద్దరం కూర్చున్నాం. సైకియాట్రిస్టు అంటే వైద్యుడు. ఎం.బి.బి.ఎస్. తర్వాత మానసిక వైద్యంలో ఎం.డి. గానీ డిప్లొమా గానీ చేసినవారు. మందులు రాసే అధికారం వీరిది. క్లినికల్ సైకాలజిస్టు వైద్యుడు కాదు. సైకాలజీలో ఎం.ఏ. లేదా ఎమ్మెస్సీ తర్వాత ఆసుపత్రి శిక్షణతో రెండేళ్ళ ఎం.ఫిల్. చేయడం ఇన్నాళ్ళుగా ఉన్న ప్రధాన మార్గం. 1992 నాటి చట్టం కింద ఏర్పడిన భారత పునరావాస మండలిలో వీరు పేరు నమోదు చేసుకోవాలి. దానికి ఒక నంబరు ఉంటుంది. అడిగితే చెప్పాలి. మనం కస్టమర్ని పాన్ నంబరు అడగమా?

చిక్కంతా 'కౌన్సెలర్', 'సైకోథెరపిస్ట్' అనే మాటల దగ్గర వస్తుంది. మంచి పీజీ, ఏళ్ళ తరబడి శిక్షణ ఉన్నవాళ్ళూ ఆ పేరే పెట్టుకుంటారు, వారాంతపు కోర్సు సర్టిఫికెట్టు ఫ్రేము కట్టించినవాళ్ళూ అదే పేరు పెట్టుకుంటారు. 2021లో వచ్చిన అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం క్లినికల్ కాని సైకాలజిస్టులను కూడా తన పరిధిలోకి తీసుకుంది గానీ, ఆ వ్యవస్థ కుదురుకోవడానికి సమయం పడుతుంది. అంతవరకు అడిగి తెలుసుకునే బాధ్యత మనదే. అలాగని వైద్యపట్టా లేకపోవడం లోపమేమీ కాదు. వైద్యులు కానివారు ఈ పని చేయవచ్చా అన్న వివాదం వచ్చినప్పుడు ఫ్రాయిడే 1926లో వారి తరఫున ఒక పుస్తకం రాశారు. రోగి అనే మాట పక్కనపెట్టి 'క్లయింట్' అనే మాటను వాడుకలోకి తెచ్చిన కార్ల్ రోజర్స్ కూడా వైద్యుడు కాదు.

సరే, ట్రైనీ సంగతి. మన ప్రొబేషనరీ ఆఫీసర్‌ను గుర్తుచేసుకోండి. కౌంటర్లో కూర్చుంటాడు, కస్టమర్‌తో మాట్లాడతాడు, ప్రపోజల్ తయారు చేస్తాడు. శాంక్షన్ చేసేది మాత్రం అతను కాదు. అతను మేకర్, పైన చెకర్ ఒకరుంటారు. థెరపీలో ట్రైనీ కూడా అంతే. సెషన్‌లో ఏం జరిగిందో సూపర్‌వైజర్‌తో క్రమం తప్పకుండా చర్చించాలి. తన పరిమితి దాటిన కేసును పైకి పంపాలి. ఒక రకంగా చూస్తే అక్కడ మన కేసును రెండు జతల కళ్ళు చూస్తున్నాయి. ఇరవై ఏళ్ళుగా ఒంటరిగా ప్రాక్టీసు చేస్తూ ఎవరికీ తన పని చూపించని పెద్దమనిషి కంటే, సూపర్‌వైజర్ పేరు చెప్పగలిగే ట్రైనీయే నయమని నేనంటాను. నాతో విభేదించేవాళ్ళు ఉండవచ్చు. చెకర్ లేని బ్రాంచిలో ఏం జరుగుతుందో తెలిసిన మీరు మాత్రం విభేదించరనుకుంటాను.

మావాడు వెళ్ళాడు. మొదటి సెషన్‌లో ఆ అమ్మాయి పావుగంట సేపు తన గురించే చెప్పిందట. తాను ట్రైనీననీ, ఏం చదివిందో, ఎవరి పర్యవేక్షణలో పనిచేస్తోందో, సెషన్ 50 నిమిషాలనీ, అతని విషయం సూపర్‌వైజర్‌తో పేరు చెప్పకుండా చర్చిస్తాననీ. ఆ గదిలో మాట గదిలోనే ఉంటుందనీ, అయితే అతని ప్రాణానికి గానీ ఇంకొకరి ప్రాణానికి గానీ ముప్పు ఉందనిపిస్తే మాత్రం బయట చెప్పక తప్పదనీ స్పష్టంగా అన్నదట. ఇవన్నీ అయ్యాక, "మీకు అభ్యంతరం ఉంటే ఇప్పుడే చెప్పవచ్చు" అన్నదట. అతనికి అప్పుడే సగం భయం పోయింది. రుణపత్రాల మీద సంతకం పెట్టించేముందు నిబంధనలు చదివి వినిపించాలని మనకూ ఉంది. ఎంతమందిమి వినిపిస్తున్నామో అడగను లెండి.

అతనికి రెండో సెషన్ నచ్చలేదు. "సలహా ఒక్కటీ ఇవ్వదన్నా. వింటుంది, అంతే. డబ్బులిచ్చి నేనే మాట్లాడి వస్తున్నాను" అన్నాడు. మనకు సలహా ఇవ్వని మనిషి అంటే పని చేయని మనిషి కిందే లెక్క. ఇక్కడ నాకు నా ఎం.బి.ఏ. పాఠం పనికొచ్చింది. హాథార్న్ ప్రయోగాల పేరు మీలో చాలామంది ప్రమోషన్ పరీక్షకు బట్టీపట్టే ఉంటారు. దీపాల వెలుతురు పెంచడం, తగ్గించడం వరకే గుర్తుపెట్టుకుని తర్వాతి భాగం వదిలేస్తాం. 1928 నుంచి అదే ఫ్యాక్టరీలో ఇరవై వేల మందికి పైగా కార్మికులను ఇంటర్వ్యూ చేశారు. మొదట తయారుచేసుకున్న ప్రశ్నలు అడిగారు. కార్మికులు ప్రశ్న వదిలేసి తమకు తోచింది మాట్లాడుతున్నారు. దాంతో 1929లో పద్ధతే మార్చేశారు. ప్రశ్నలు మానుకుని, అడ్డు తగలకుండా, తీర్పు చెప్పకుండా వినడం మొదలుపెట్టారు. ఇంటర్వ్యూ అరగంట నుంచి గంటన్నర దాకా పెరిగింది. రోజర్స్ 1957లో రాసిన ప్రసిద్ధ వ్యాసంలోనూ థెరపిస్టుకు ఉండాల్సినవిగా చెప్పింది ఇలాంటివే. పైకొకటి లోపలొకటి కాకుండా ఉండడం, ఎదుటి మనిషిని షరతులు లేకుండా గౌరవించడం, అతని లోపలి నుంచి చూడగలగడం. ఇవి డిగ్రీతో వచ్చేవి కావు. శిక్షణ లేకుండా కుదిరేవీ కావు. మనలో ఎవరినైనా ఐదు నిమిషాలు సలహా ఇవ్వకుండా కూర్చోమనండి చూద్దాం.

భాష సంగతి కూడా చెప్పాలి. అతను తెలుగువాడు, ఆ అమ్మాయి బెంగాలీ, మాట్లాడుకునేది ఇంగ్లీషు. ఒక రోజు ఇంగ్లీషులో ఎంత వెతికినా మాట దొరక్క, "బెంగ" అనేశాడట. అంటే ఏమిటని ఆమె అడిగింది. భయం కాదు, దిగులు కూడా పూర్తిగా కాదు. బడిలో దిగబెట్టిన పిల్లవాడికి ఉండేది, కూతుర్ని అత్తారింటికి పంపిన తల్లికి ఉండేది అని వివరించాడు. ఆమె దాన్ని తన పుస్తకంలో రాసుకుని, ఆ తర్వాత ప్రతి సెషన్‌లోనూ "ఈ వారం బెంగ ఎలా ఉంది?" అనే అడిగేదట. అతని బాధకు పాఠ్యపుస్తకంలో పేరు వెతకకుండా అతని పేరునే వాడింది. నూరేళ్ళ క్రితం పార్సీబాగాన్ లేన్ నుంచి వియన్నాకు వెళ్ళిన ఉత్తరంలో ఉన్నదీ ఇదేననిపించింది నాకు.

మూడో, నాలుగో సెషన్‌లో అతను మాటల మధ్య, "ఈమధ్య మెట్రో ప్లాట్‌ఫారం మీద నిలబడాలంటే భయంగా ఉంటోంది" అన్నాడు. నాతోనూ అన్నాడా మాట. రద్దీకి అనుకున్నాం మేమంతా. ఆమె అలా వదల్లేదు. చచ్చిపోవాలన్న ఆలోచన వస్తోందా అని సూటిగా, నెమ్మదిగా అడిగింది. అలా అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని మనలో ఒక భయం ఉంది. అది నిజం కాదని ఈ రంగంలోని నిపుణులు చెబుతారు. అతను చాలాసేపు ఊరుకుని, అవునన్నాడు. ఆ రోజు 50 నిమిషాల నియమం పక్కన పెట్టారు. ఆమె అక్కడి నుంచే సూపర్‌వైజర్‌ను పిలిచింది. ముగ్గురూ కూర్చుని, అలాంటి ఆలోచన వచ్చినప్పుడు ఎవరికి ఫోన్ చేయాలో, ఎక్కడికి వెళ్ళాలో కాగితం మీద రాశారు. అతని ఒప్పుదలతో భార్యకు ఫోన్ చేశారు. ఆ సాయంత్రమే సైకియాట్రిస్టు దగ్గరికి పంపారు. మందులూ, సెషన్లూ రెండూ నడిచాయి. ఆ కాగితంలో రెండో పేరు నాది. రెండుసార్లు ఫోన్ వచ్చింది. రెండోసారి అర్ధరాత్రి దాటాక వెళ్ళి తెల్లవారేదాకా అతని దగ్గరే కూర్చున్నాను. ఇప్పుడు కుటుంబం ఇక్కడికే వచ్చింది. మనిషి కోలుకున్నాడు. రాత్రి వోచర్లు లెక్కపెట్టడం మానేశాడు.

ఇది ట్రైనీ గొప్పతనం అని నేను చెప్పడం లేదు. తన పరిమితి ఎక్కడ ముగుస్తుందో ఆమెకు తెలుసు, ముగిసిన చోట అందుకునే మనిషి ఉన్నారు. శిక్షణ అంటే అదే.

మీలో చాలామంది మనసులో ఉన్న ప్రశ్న నాకు తెలుసు. ఇది నా సర్వీసు ఫైలుకు ఎక్కుతుందా? 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలో 23వ సెక్షన్ చికిత్స వివరాలు గోప్యంగా ఉంచాలంటుంది. ప్రాణాపాయం, కోర్టు ఆదేశం వంటి కొన్ని మినహాయింపులున్నాయి. ప్రమోషన్ ఇంటర్వ్యూ అందులో లేదు. అదే చట్టం 115వ సెక్షన్ ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషిని తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నవాడిగా చూడమంటుంది, శిక్షించమనదు. ఇక యాజమాన్యాలు ఏర్పాటు చేసే కౌన్సెలర్ అయితే మాత్రం మొదటి రోజే అడగండి, మీరు ఎవరికి రిపోర్టు ఇస్తారు, అందులో పేర్లుంటాయా అని. హాథార్న్‌లో 1936 తర్వాత పెట్టిన కౌన్సెలర్ల మీద కూడా విమర్శకులు లేవనెత్తిన అనుమానం ఇదే. వీళ్ళు కార్మికుడి బాధ తీర్చడానికి ఉన్నారా, లేక అతని నోరు మూయించడానికా అని. సరిగ్గా జవాబు చెప్పే కౌన్సెలర్ ఈ ప్రశ్నకు నొచ్చుకోరు.

వెళ్ళడానికి ఇంకా మనసొప్పకపోతే 14416కు ఫోన్ చేయండి. అది కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న మొదలుపెట్టిన టెలీ మానస్. డబ్బులక్కర్లేదు, రాత్రింబవళ్ళు పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడవచ్చు. నంబరు వెనక బోర్డు మీద రాయించాను. ఫోటో తీసుకోవడానికి మొహమాటపడేవాళ్ళ కోసం టీ బల్ల దగ్గర చీటీలు పెట్టించాను, ఎవరు తీసుకున్నారో చూసేవాళ్ళెవరూ అక్కడ ఉండరు.

ఇక మీ ప్రశ్నలు అడగండి.